వారం తప్పని అన్నలు, అక్కలు

ఇల్లు విడిచి వచ్చిన పిల్లలకు, ఇల్లే లేకుండా పోయిన పిల్లలకు ప్రభుత్వమో స్వచ్ఛంద సంస్థో నడిపే నీడ ఆశ్రయ గృహం. వాడుకలో అందరూ ‘హోం’ అనే అంటారు. అక్కడ చేరే పిల్లల్లో పదమూడు దాటి పద్దెనిమిది నిండనివాళ్ల సంగతి వేరు. పసిబిడ్డల దత్తత కోసం దంపతులు ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. మీసం మొలుస్తున్న కుర్రాణ్ణి, పదిహేనేళ్ల అమ్మాయిని మా ఇంటికి తీసుకెళ్తామనేవారు అరుదు. అలాంటి పిల్లల పక్కన, పైసా తీసుకోకుండా, వారం వారం వచ్చి కూర్చునే వాలంటీర్లు మన ఊళ్లలో ఉన్నారు. కాలేజీ విద్యార్థులు, రిటైరైన మాస్టార్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, కుట్టుపని తెలిసిన గృహిణులు. పత్రికల్లో వాళ్ల పేర్లు కనిపించవు. హోంలో మాత్రం పిల్లలు వాళ్ల కోసం గేటు వైపు చూస్తుంటారు.

తాగొచ్చి కొట్టే తండ్రి, సవతి తల్లితో పొసగకపోవడం, పరీక్ష తప్పామన్న భయం, అప్పు కింద పనికి కుదర్చడం, అమ్మాయిలైతే ఖాయం చేసిన బాల్యవివాహం. ఇల్లు దాటడానికి ఇలాంటి కారణాలే ఎక్కువగా కనిపిస్తాయి. దొరికిన రైలెక్కి, ఏదో ఒక పెద్ద స్టేషన్‌లో దిగిపోతారు. నాలుగు దిక్కుల రైళ్లూ కలిసే విజయవాడ అలాంటి చోటు. 1989లో సలేషియన్ డాన్ బోస్కో సంస్థ అక్కడ నవజీవన్ బాలభవన్‌ను ప్రారంభించింది ఇలాంటి పిల్లల కోసమే.

ప్లాట్‌ఫారం మీద పనిచేసే కార్యకర్తల చూపు పదునైనది. ఓ కుర్రాడి చేతిలో సామాను లేదు, వెంట పెద్దవాళ్లు లేరు, రైళ్లు వచ్చిపోతున్నా ఎక్కడు, కుళాయి దగ్గరే తచ్చాడుతుంటాడు. చాలు, వాళ్లకు అర్థమైపోతుంది. వెళ్లగానే ‘నీ పేరేంటి, ఏ ఊరు’ అని అడగరు. అడిగితే అబద్ధం చెబుతాడు, లేదా పరిగెడతాడు. పక్కన కూర్చుని ‘ఏమైనా తిన్నావా?’ అంటారు. ఇడ్లీ పొట్లం విప్పుతారు. అసలు పేరు బయటికి రావడానికి గంట పట్టొచ్చు, రెండు రోజులూ పట్టొచ్చు.

2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, దొరికిన పిల్లల్ని ప్రయాణ సమయం పోగా 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఇంటికి పంపాలా, హోంలో ఉంచాలా అన్నది ఆ సమితి తేలుస్తుంది. ఆపదలో ఉన్న పిల్లల కోసం పనిచేసే 1098 నంబరు 1996లో ముంబయిలో జెరూ బిలిమోరియా చొరవతో మొదలైంది. ఇప్పుడది ప్రభుత్వ యంత్రాంగం చేతిలో, 112 అత్యవసర సేవలతో కలిసి నడుస్తోంది.

సాయంత్రం అయిదు తర్వాత

హోంలో తిండికి, బట్టకు, మంచానికి లెక్క ఉంటుంది. సూపరింటెండెంట్, వార్డెన్, కౌన్సెలర్ ఉంటారు. ఉన్న కొద్దిమంది సిబ్బందికి రిజిస్టర్లు, సమితి విచారణలు, ఆసుపత్రి పనులు, వంటింటి సరుకులతోనే పొద్దు గడిచిపోతుంది. ఒక్కో పిల్లవాడి దగ్గర తీరిగ్గా అరగంట కూర్చోవడం వాళ్లకు సాధ్యపడదు. ఆ అరగంట ఇచ్చేది వాలంటీరే.

నాలుగో తరగతిలో బడి మానేసిన పదిహేనేళ్ల కుర్రాడి ముందు లెక్కల పుస్తకం పెడితే ఏం జరుగుతుందో పాత వాలంటీర్లకు బాగా తెలుసు. మొదటి వారం అన్నీ వచ్చన్నట్టు తలూపుతాడు. రెండో వారం పుస్తకం దాచేస్తాడు. మూడో వారం తలనొప్పంటాడు. భాగహారం రాదని చిన్నపిల్లల ఎదుట ఒప్పుకోవడం ఆ వయసులో చావుతో సమానం. అనుభవమున్న వాలంటీరు పుస్తకం పక్కన పెట్టి, అతను టీ దుకాణంలో చేసిన పని గురించి అడుగుతాడు. రోజుకు ఎంతిచ్చేవాడు, నెలకు ఎంత రావాలి, నాగాలు పోగా యజమాని చేతిలో పెట్టిందెంత? తనను ఎంత మోసం చేశారో లెక్క వేసుకునేసరికి భాగహారం వచ్చేస్తుంది. మరుసటి వారం పుస్తకం అతనే తెస్తాడు. పద్నాలుగేళ్లు నిండినవారు సార్వత్రిక పాఠశాల ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. దరఖాస్తు నింపడం, జనన ధ్రువపత్రం కోసం కార్యాలయాల చుట్టూ తిరగడం, ఫీజు గడువు గుర్తుపెట్టుకోవడం కూడా చాలాచోట్ల వాలంటీర్ల మీదే పడుతుంది.

ఈ పిల్లలు కొత్తగా వచ్చినవాళ్లను పరీక్షిస్తారు. బూతు మాట అంటారు, ఎదురు తిరుగుతారు, పెన్ను కొట్టేస్తారు. నమ్మిన పెద్దలందరూ ఒక్కొక్కరే వదిలేసి వెళ్లిన అనుభవం వాళ్లది. వీళ్లూ ఎప్పుడు పోతారో ముందే తేల్చుకోవాలన్నది ఆ అల్లరి వెనకున్న ఆరాటం. దానికి ఉపన్యాసాలు పనికిరావు. ‘శనివారం అయిదింటికి వస్తా’నని చెప్పిన మనిషి శనివారం అయిదింటికి రావాలి. వర్షం పడినా రావాలి, రాలేకపోతే ముందే ఫోన్ చేసి చెప్పాలి. మంచి వాలంటీరును గుర్తించే మొదటి లక్షణం ఇదే. చదువు, మాటకారితనం, డబ్బు దీని తర్వాతే.

కోల్‌కతాలోని లోరెటో సియాల్దా పాఠశాల మరో దారి చూపింది. సిస్టర్ సిరిల్ మూనీ నేతృత్వంలో అక్కడి విద్యార్థినులే వీధి బాలలకు చదువు చెప్పారు. వీధుల్లో బతికే ఆడపిల్లలకు బడి భవనంలోనే బస ఏర్పాటైంది. ‘రెయిన్‌బో హోమ్స్’ పేరుతో ఆ ఆలోచన హైదరాబాద్‌కూ చేరింది. ప్రభుత్వ బడుల్లో ఖాళీగా ఉన్న గదులు ఇక్కడ ఆడపిల్లలకు ఇళ్లయ్యాయి.

హద్దులు

మంచి మనసు ఒక్కటే సరిపోదు. హోంలో ఉన్న పిల్లల పేరు, ఫొటో, బడి వివరాలు బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తోంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పుట్టినరోజు కేకు కోసి, పిల్లల్ని వరుసగా నిలబెట్టి, సెల్ఫీలు ఫేస్‌బుక్‌లో పెట్టేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. తమ పేదరికాన్ని ఊరంతా చూస్తోందన్న అవమానం పద్నాలుగేళ్ల పిల్లకు కేకు రుచిని మించి గుర్తుంటుంది. వాలంటీర్లకు పోలీసు తనిఖీ తప్పనిసరి చేయాలి. పిల్లలతో గది తలుపు మూసి ఒంటరిగా ఉండటం, సొంత ఫోన్ నంబరు ఇవ్వడం, డబ్బు చేతిలో పెట్టడం కూడదు. లైంగిక వేధింపుల సంగతి తెలిస్తే దాచకూడదు. పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయాల్సిందే.

అసలు కష్టం పద్దెనిమిదో పుట్టినరోజుతో మొదలవుతుంది. ఆ రోజుతో హోం గడువు ముగుస్తుంది. 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు అనంతర సంరక్షణ ఇవ్వవచ్చని బాలల న్యాయ చట్టం, దాని నిబంధనలు చెబుతున్నాయి. అయినా అద్దె గది వెతకడం, బ్యాంకు ఖాతా తెరవడం, మొదటి జీతం నెలాఖరు దాకా సాగదీయడం పక్కనుండి నేర్పే మనిషి కావాలి. పండక్కి ‘ఏరా, భోజనానికి రా’ అని పిలిచే ఇల్లు కావాలి. ఏళ్ల తరబడి కొనసాగిన వాలంటీర్లే ఆ పిలుపు అందిస్తున్నారు. వాళ్లు చేసే పనులన్నింటిలోకీ విలువైనది ఇదే.

ఇలాంటివారికి ఏటా డిసెంబరు 5న, అంతర్జాతీయ వాలంటీర్ల దినాన, శాలువా కప్పితే సంతోషమే. అంతకంటే వాళ్లకు ఉపయోగపడేవి వేరే ఉన్నాయి. పిల్లల మానసిక స్థితిపై శిక్షణ, బస్సు ఛార్జీలు, ఆత్మహత్య మాటలు విన్న రాత్రి తమ గుండెబరువు చెప్పుకోవడానికి ఒక కౌన్సెలర్. హోం నిర్వాహకులు వీటికి బడ్జెట్‌లో చోటివ్వాలి. ఉద్యోగులు వారం తప్పకుండా వెళ్లేందుకు కంపెనీలు వెసులుబాటు కల్పించాలి.

ఈ పనిలో చేరాలనుకునేవారు తమ జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌ను గానీ, చట్టప్రకారం నమోదైన హోంను గానీ సంప్రదించవచ్చు. కనీసం ఏడాది పాటు, వారానికి రెండు గంటలు తప్పకుండా ఇవ్వగలమని ఇంట్లోవాళ్లతో కూడా మాట్లాడి నిశ్చయించుకున్నాకే పేరివ్వండి.