వేసవి సెలవులు... అరకులో మా కాల్‌షీట్లు!

అరకులోయ అనగానే సినిమా ప్రియులకు ఏం గుర్తొస్తుంది? ఒక డ్యూయెట్టు! వెనకాల పొగమంచు, పక్కన వలిసెపూల పసుపు, గాలికెగిరే హీరోయిన్ పమిట! బాగానే ఉంది. కాని ఆ వలిసెలు పూసేది నవంబరు, డిసెంబరుల్లో. ఇక్కడే కాపురం ఉంటున్న మా బోటివాళ్ళకు ఏప్రిల్ ఆఖరి వారంలో రిలీజయ్యే సినిమా వేరే ఉంది. కృష్ణగారి 'చుట్టాలున్నారు జాగ్రత్త' 1980లో వచ్చింది చూడండి, ఆ టైటిల్ని మా గుమ్మానికి బోర్డుగా కట్టేయొచ్చు!

స్కూళ్ళు మూసిన మర్నాడే మా వాళ్ళంతా విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూలు బండి ఎక్కేస్తారు. బైలదిల్లా ఇనుప ఖనిజం జపానుకు పంపడానికి 1960లలో వేసిన లైను అది. ఇప్పుడు ఖనిజం కిందికి దిగుతుంటే, చుట్టాలు పైకి ఎక్కుతున్నారు. 58 సొరంగాలు లెక్కపెడతామని బయలుదేరిన పిల్లలు ఇరవై దాటేసరికి కొట్టుకుంటారు, "నువ్వు తప్పు లెక్కపెట్టావు" అని. ఆ తగువు మా ఇంటిదాకా వస్తుంది. మేమున్నది సముద్ర మట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన. మే నెలలో ఫ్యాను లేకుండా నిద్రపట్టే ఊరు! చుట్టాలకు స్వర్గం. మా అమ్మకు మాత్రం వంటిల్లు.

రెండేళ్ళ క్రితం వేసవిలో అమ్మ పొయ్యి దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయింది. బి.పి. పెరిగింది. "ఇంట్లో ఈవిడకు సాయం చేసేవాళ్ళు ఎవరూ లేరా?" అని అడిగారు డాక్టరుగారు. అప్పటికి ఆయన వరండాలోనే మా వాళ్ళు పదిమంది కూర్చుని ఉన్నారు!

ఆ తరువాతి ఏడు నా సినిమా పిచ్చి పనికొచ్చింది. 'అల్లూరి సీతారామరాజు' తీసేటప్పుడు పెద్ద యూనిట్టు మా కొండల్లోనే, చింతపల్లి అడవుల్లో, షూటింగు జరిపింది. మధ్యలో దర్శకుడు వి. రామచంద్రరావుగారు కన్నుమూశారు. అయినా పని ఆగలేదు. తెలుగులో తొలి సినిమాస్కోపు చిత్రం 1974 మే 1న, సరిగ్గా వేసవిలో, విడుదలయింది. అంత యూనిట్టుకు అడవిలో అన్నం, నీళ్ళు అందించినవాళ్ళు ఉన్నప్పుడు, పదముగ్గురి ఇంటికి ఒక ప్రొడక్షన్ మేనేజరు ఉండకూడదా? పాత క్యాలెండరు వెనక్కి తిప్పి కాల్‌షీటు రాశాను. తలుపుకి అంటించాను.

ఇంతకీ అందులో ఏముంది? మొట్టమొదట నీళ్ళు. మే నెలలో కొండ ఊటలు సన్నబడతాయి, కుళాయి వచ్చేది కాసేపే. పదేళ్ళు దాటిన ప్రతివాళ్ళూ రెండు బకెట్లు నింపాలి, మావయ్యతో సహా. టీ రెండే షోలు, పొద్దున ఆరున్నరకీ, సాయంత్రం నాలుగింటికీ. స్పెషల్ షో కావాలంటే ఎవరి గిన్నె వాళ్ళే పెట్టుకోవాలి. మధ్యాహ్నం భోజనం సంతలో కొన్న అడ్డాకు విస్తళ్ళలో, అంట్లు సగానికి సగం తగ్గాయి. పొద్దున ఇడ్లీ, దోసెల రుబ్బుడు బంద్. చోడి అంబలి, మజ్జిగ, ఉల్లిపాయ ముక్క. మొదటిరోజు పిల్లలు మొహాలు చిట్లించారు. మూడోరోజు గిన్నెలు నాకారు. చోళ్ళంటే మీ పట్నం హోటళ్ళలో రాగిజావ అని పేరుపెట్టి గ్లాసుల్లో అమ్ముతున్నదే!

ఫోన్ల సంగతి మాత్రం నేనేమీ రాయలేదు. ప్రకృతే చూసుకుంది. ఇక్కడ మే సాయంత్రాలు ఉరుములు, గాలివాన మామూలే. కరెంటు పోతుంది, వెనకే సిగ్నలూ పోతుంది. చీకట్లో డైలాగులు చెప్పి సినిమా పేరు కనిపెట్టే ఆట మొదలయింది. బామ్మ ఎన్.టి.రామారావు డైలాగులన్నీ గడగడ చెప్పేస్తుంటే మనవలు నోళ్ళు వెళ్ళబెట్టారు.

అంతా సవ్యంగా సాగిందనుకోకండి. అత్త కాల్‌షీటు చదివి, "ఏటర్రా ఇది? పుట్టింటికొస్తే పని చెప్తారా?" అని రెండురోజులు మూతి ముడుచుకుంది. అమ్మేమో నాలుగింటికే లేచి, దొంగలా వంటింట్లో దూరి, టీ పెట్టేస్తోంది. నా మేనేజరుగిరీ ఊడిపోయేలా ఉంది! అప్పుడు నాన్న, "అక్కా, నీ చేతి ఆవకాయ తిని ఎన్నాళ్ళయిందే" అన్నాడు. అంతే, కాయలు కొనడం, తుడవడం, కొట్టించడం, కారం పాళ్ళు, జాడీలు అంతా అత్త డిపార్టుమెంటయింది. ఇంకెవరూ వేలుపెట్టడానికి లేదు. నాకు తోచింది చెప్తున్నాను, చుట్టాలకు పని చెబితే కోపం వస్తుంది, పదవి ఇస్తే రాదు.

ఇక గురువారం అమ్మకు సెలవు. ఇది చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను. చుట్టాలొచ్చినప్పుడల్లా అమ్మ బొర్రా గుహలకు వెళుతూనే ఉంది, ఎన్నేళ్ళుగానో. కాని లోపలికి ఎన్నడూ వెళ్ళలేదు! బయట చెట్టుకింద టిఫిన్ క్యారియర్లకూ సంచులకూ కాపలా. కోతులు ఎత్తుకుపోతాయని. ఆ గురువారం పెదనాన్న పప్పు వండాడు (ఉప్పు రెండుసార్లు పడింది, అది వేరే కథ), మావయ్య సంచుల దగ్గర కూర్చున్నాడు. అమ్మ చేతులూపుకుంటూ మెట్లు దిగింది. లోపల చల్లదనం, కప్పు నుంచి చుక్కచుక్కగా కారే నీళ్ళు, ఆ సున్నపు నీటి చుక్కలతోనే వేల ఏళ్ళుగా పెరిగిన రాతి స్తంభాలు, దీపాల వెలుగులో శివలింగం. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "ఇంతుందా లోపల!" అంది చివరికి. మెట్లెక్కి పైకి వచ్చాక కూర్చుని మళ్ళీ అదే మాట అంది. కెమెరా లేదు, రీరికార్డింగు లేదు. నేను చూసిన సీన్లలో అంత మంచిది ఇంకొకటి లేదు.

అన్నట్టు, మా పక్కింటి అక్క సంగతి. వాళ్ళది గిరిజన కుటుంబం, పిల్లలిద్దరూ ఆశ్రమ పాఠశాలలో ఉంటారు. మాకు వేసవి అంటే ఇల్లు నిండడం, ఆమెకు పిల్లలు ఇంటికి రావడం. ఆమెకు చింతపండు ఏరడం, అడ్డాకులు కుట్టడం, తొలకరికి విత్తనాలు చూసుకోవడం అన్నీ అప్పుడే. అయినా మొదటి వారం పిల్లలకు ఒక్క పనీ చెప్పదు. తలంటి, తినిపించి, వాళ్ళు చెప్పేది వింటుంది, అంతే. ఆ తరువాత వాళ్ళే ఆమె వెంట అడవికి పరిగెడతారు. నా కాల్‌షీటులో మొదటి మూడురోజులు పిల్లలకు సెలవు ఇచ్చింది ఆమెను చూసే!

2024లో చైత్రం మే మొదటి వారం దాకా సాగింది కదా, ఇటుకల పండుగ హడావుడి మా చుట్టాల కళ్ళబడింది. ఆడవాళ్ళు దారికి అడ్డంగా కర్ర పెట్టి, పాట పాడి, చందా ఇస్తేగాని ఆటో కదలనివ్వలేదు. మావయ్య గొణుక్కుంటూ పది రూపాయలు తీశాడు. "టోల్‌గేటుకైతే మాట్లాడకుండా ఇస్తావుగా" అంది అత్త. పిల్లలు మాత్రం దిగిపోయి, ఆ అక్క పిల్లల పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డారు!

జూన్ రెండో వారంలో మా వాళ్ళు ఆవకాయ జాడీలతో బండెక్కారు. ఆ మర్నాడు పక్కింటి అక్క ట్రంకుపెట్టెలు సర్దింది. రెండు దుప్పట్లు, సబ్బులు, కొబ్బరినూనె సీసా, పైన పొట్లం కట్టిన చింతపండు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, వచ్చి మా మెట్ల మీద కూర్చుంది. అమ్మ రెండు గ్లాసుల్లో టీ తెచ్చి పక్కన కూర్చుంది. టైము పదకొండు. కాల్‌షీటులో లేని షో అది.