పంటచేను తీగకు చిక్కే తోడేలు: ఉట్నూర్ ప్రాంతంలో వేట నివారణ, విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్ పరిసరాల్లో భూమి ఒకే తీరుగా ఉండదు. గుట్టల మీద టేకు అడవి, గుట్టల నడుమ నల్లరేగడి చేలు, ఆ చేల అంచుల్లో ముళ్లపొదలు, రాళ్లు తేలిన బీళ్లు, పశువులు మేసే గైరాను భూములు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. దక్షిణాన కవ్వాల్ అడవి ఉన్నది. 1965లో అభయారణ్యంగా, 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటితమైన ఈ అడవి జంతువుల జాబితాలో పులి, చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్కలతో పాటు తోడేలు పేరు కూడా ఉన్నది. అయితే తోడేలుకు, మిగిలిన వాటికి ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. అది దట్టమైన అడవిలో కంటే బీళ్లలో, పొదల భూముల్లో, చేల గట్ల వెంట ఎక్కువగా సంచరిస్తుంది. కనుక అభయారణ్యపు సరిహద్దు దానికి కల్పించే రక్షణ స్వల్పం. దాని మనుగడ రైతు మీద, గొర్రెల కాపరి మీద ఆధారపడి ఉన్నది. తోడేలు సంరక్షణ అటవీ శాఖ పని మాత్రమేనని వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఊరకుండటానికి వీలు లేకపోవడం ఇందువల్లనే.

భారతదేశపు మైదానాల్లో కనిపించే తోడేలు సన్నని దేహం, పొట్టి బొచ్చు కలిగినది. ఎదిగిన జంతువు బరువు సుమారు 20 కిలోలు. ప్రపంచంలోని తోడేళ్ల వంశాల్లో ఇది అతి ప్రాచీనమైన వాటిలో ఒకటని 2021లో వెలువడిన జన్యు అధ్యయనం తెలిపింది. దేశంలో వీటి సంఖ్యపై వచ్చిన అంచనాలు రెండు వేల నుంచి మూడు వేల పైచిలుకు వరకు ఉన్నాయి. అంటే స్థూలంగా పులుల సంఖ్యతో పోల్చదగినంత. పులికి లభించిన ఆదరణ మాత్రం దీనికి లభించలేదు. తెలుగులో దీనికి తన కథ కూడా మిగలలేదు. ఈసప్ కథలో గొర్రెల కాపరి పిల్లవాడు అబద్ధంగా కేక వేసినది తోడేలు వచ్చిందని. తెలుగు పిల్లలు చదువుకున్నది ‘నాన్నా పులి’. గొర్రె తోలు కప్పుకొన్న తోడేలు కూడా మనకు ‘మేకవన్నె పులి’గానే తెలుసు.

వలస పాలనలో తోడేలును చంపిన వారికి ప్రభుత్వమే బహుమానం ఇచ్చేది. వేట చరిత్రను పరిశోధించిన మహేశ్ రంగరాజన్ లెక్క ప్రకారం 1875 నుంచి 1925 వరకు యాభై ఏళ్లలో రెండు లక్షలకు పైగా తోడేళ్లు హతమయ్యాయి. 1972 నాటి వన్యప్రాణుల సంరక్షణ చట్టం ఈ దృష్టిని తలకిందులు చేసింది. నేడు తోడేలు ఆ చట్టం మొదటి షెడ్యూలులో, పులితో సమానమైన స్థానంలో ఉన్నది. దానిని వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు శిక్ష, 2022 సవరణ అనంతరం 25,000 రూపాయలకు తగ్గని జరిమానా పడతాయి.

ఇక్కడ విస్తరణ సిబ్బంది స్పష్టంగా గ్రహించవలసిన అంశం ఒకటున్నది. ‘వేట’ అనగానే తుపాకీ పట్టి తోడేలును వెదకుతూ పోయే మనిషి మనస్సులో మెదలుతాడు. చట్టం దృష్టిలో వేట అంతకంటే విశాలమైనది. చంపడం, విషం పెట్టడం, ఉచ్చు వేయడం, ఎర చూపడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే. అడవిపంది కోసం మక్కచేను చుట్టూ తీగ లాగి దానికి కరెంటు కలిపిన రైతు తాను వేటగాడినని ఎన్నడూ అనుకోడు. పంటను కాపాడుకుంటున్నాననే అనుకుంటాడు. కాని ఆ రాత్రి తీగకు తగిలేది ఏ జంతువో అతని చేతిలో లేదు. పంది తిరిగే దారినే తోడేలు తిరుగుతుంది, నక్క తిరుగుతుంది, తెల్లవారుజామున పొరుగు రైతు కూడా నడుస్తాడు.

ఉత్తర తెలంగాణలో తోడేలుకు, ఆ మాటకొస్తే పులికి కూడా, తుపాకీ కంటే ఈ తీగ, ఉచ్చు, విషం పెద్ద ముప్పు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అటవీ డివిజన్‌లో రెండు పులులు మరణించిన ఉదంతం పత్రికల్లో విస్తృతంగా వచ్చింది. పులి చంపిన పశువు కళేబరానికి విషం పూయడమే కారణమని తేలింది. పులి మరణిస్తే విచారణ జరుగుతుంది, వార్త అవుతుంది. అలాంటి కళేబరాన్నే తిని పొదల్లో పడిపోయిన తోడేలు లెక్కలోకి రాదు.

రైతు పక్షం నుంచి చూడనిదే ఈ సమస్యకు పరిష్కారం లేదు. ఈ ప్రాంతపు గోండు, కోలాం, నాయక్‌పోడు కుటుంబాలకు ఉన్నవి చిన్న కమతాలు, అధికభాగం వర్షాధారం. మక్క కంకి పాలుపోసుకొనే దశలో అడవిపందుల గుంపు ఒక్క రాత్రి దిగితే ఆరుగాలపు శ్రమ నేలపాలవుతుంది. తిన్నదాని కంటే తొక్కి పడగొట్టినది ఎక్కువ. పూర్వం మంచె మీద రాత్రంతా మేలుకొని డప్పు కొట్టి కాపలా కాసేవారు. ఇప్పటికీ కొందరు కాస్తారు. రాత్రి కాపలాకు మనుషులు చాలని ఇంట్లో తీగ ఆ స్థానంలోకి వస్తుంది. బైండింగ్ వైరు చౌక. కరెంటు మోటారు దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఇంత చౌకైన పద్ధతిని కేవలం చట్టం పేరు చెప్పి మాన్పించడం సాధ్యం కాదు. దానికంటే నమ్మదగినది చూపవలసి ఉంటుంది.

అందులో మొదటిది సౌర విద్యుత్ కంచె. దీనికి, మోటారు లైను నుంచి లాగిన తీగకు తేడా ఏమిటన్నది రైతులకే కాక కొందరు విద్యార్థులకు కూడా స్పష్టంగా తెలియదు. రెండింటిలోనూ ‘షాక్’ ఉన్నదన్న సామ్యమే ఈ అయోమయానికి మూలం. లైను నుంచి వచ్చే 230 వోల్టుల విద్యుత్తు ఆగకుండా ప్రవహిస్తుంది. అది తగిలిన జీవి కండరాలు బిగుసుకుపోతాయి, తీగ నుంచి తప్పుకోలేదు, గుండె లయ తప్పి ఆగిపోతుంది. సౌర కంచెలో బ్యాటరీకి అమర్చిన ఎనర్జైజర్ వేల వోల్టుల తాకిడిని పంపుతుంది గాని, ఆ తాకిడి సెకనులో వందో వంతుకు మించి ఉండదు. మళ్లీ తాకిడి వచ్చేలోగా సుమారు ఒక సెకను విరామం ఉంటుంది. ఆ విరామంలో జంతువు వెనక్కి దూకి తప్పుకుంటుంది. నొప్పి నేర్పుతుంది, ప్రాణం పోదు. చంపేది వోల్టు సంఖ్య ఒక్కటే కాదు, దేహం గుండా ఎంత శక్తి ఎంతసేపు పోయిందన్నది ముఖ్యమని రైతు వేదికల్లో ఒక ప్రదర్శన ద్వారా వివరించడం కష్టం కాదు. ఎనర్జైజర్ లేకుండా లైను కరెంటును నేరుగా కంచెకు కలిపి దానినే సౌర కంచె అని పిలిచే సందర్భాలు ఎదురైతే ఉపేక్షించరాదు.

సౌర కంచె విఫలమైందని రైతులు చెప్పినప్పుడు కారణం సాధారణంగా నిర్వహణలోనే దొరుకుతుంది. వానాకాలంలో గడ్డి, తీగజాతి కలుపు పెరిగి కింది తీగను తాకితే విద్యుత్ తాకిడి గడ్డి ద్వారా భూమిలోకి జారిపోతుంది. పందికి తగిలేది నామమాత్రం. కంచె కింద రెండు మూడడుగుల వెడల్పున కలుపు లేకుండా ఉంచడం పంటలో కలుపు తీసినంత అవసరం. యాసంగిలో ఇబ్బంది వేరు. నేల ఎండి నెర్రెలు బారితే ఎర్తింగ్ బలహీనపడుతుంది. ఎర్త్ కడ్డీలను లోతుగా దింపి, వాటి చుట్టూ అప్పుడప్పుడు నీరు పోయాలి. అడవిపంది దూకదు, ముట్టెతో కింది నుంచి దూరుతుంది. కనుక కింది తీగ నేలకు జానెడు ఎత్తుకు మించి ఉంటే పైన ఎన్ని వరసలున్నా ప్రయోజనం లేదు.

ఖర్చు విషయంలో చిన్న లెక్క ఉపయోగపడుతుంది. చదరంగా ఉన్న ఒక ఎకరం చేను చుట్టుకొలత సుమారు 254 మీటర్లు. పది ఎకరాలను ఒకే చదరంగా కలిపి కంచె వేస్తే చుట్టుకొలత సుమారు 805 మీటర్లు, అంటే ఎకరాకు 80 మీటర్లు మాత్రమే. పక్కపక్కన ఉన్న రైతులు కలిస్తే తీగ, స్తంభాల ఖర్చు మూడో వంతు కంటే తగ్గుతుంది. ఎనర్జైజర్ ఒక్కటి చాలు. మరొక లాభం కూడా ఉన్నది. ఒక్క రైతు కంచె వేసుకుంటే పందులు పక్క చేనులో దిగుతాయి. ఆ పక్క రైతే తీగ లాగుతాడు. కంచెను వ్యక్తిగత పరికరంగా ప్రచారం చేయడం వల్ల తీగలు తగ్గకపోగా పెరిగే ప్రమాదం ఉన్నదన్నమాట.

కంచెతో పాటు సరిహద్దు పంటలు కొంత తోడ్పడతాయి. హైదరాబాద్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న, పంటలకు హాని చేసే వెన్నెముక జీవులపై అఖిల భారత పరిశోధన ప్రాజెక్టు మక్క చుట్టూ ఆముదాన్ని, వేరుశనగ చుట్టూ ముళ్లున్న కుసుమను దగ్గర దగ్గరగా కొన్ని వరసలు వేయాలని సూచించింది. ఆదిలాబాద్ నల్లరేగళ్లకు యాసంగి కుసుమ కొత్తది కాదు. దాని గింజకు ధర కూడా ఉన్నది. అయితే సరిహద్దు పంట పంది ఒత్తిడి తక్కువగా ఉన్నచోట పనిచేసినట్లు, గుంపులు నిత్యం దిగే అడవి అంచున పనిచేస్తుందని ఆశించరాదు.

పాత కరపత్రాల విషయంలో జాగ్రత్త అవసరం. పందుల వాసన శక్తిని ఆధారం చేసుకొని ఫోరేట్ గుళికల పొట్లాలను చేను చుట్టూ వేలాడదీయమని ఒకప్పుడు సిఫారసు ఉండేది. 2020 డిసెంబరు 31తో ఫోరేట్ దేశంలో నిషిద్ధమైంది. కరపత్రం మాత్రం బల్ల సొరుగులో నిలిచి ఉంటుంది. కళేబరాలకు విషం పూయడానికి కావలసినవి ఇలాంటి తీవ్ర విషాలే కనుక, ఈ సిఫారసును శిక్షణ సామగ్రి నుంచి పూర్తిగా తొలగించడం మంచిది.

అడవిపందిని చట్టబద్ధంగా తగ్గించే దారి లేకపోలేదు. పంటకు హాని చేస్తున్న పందులను, అధికారుల అనుమతితో, లైసెన్సు ఉన్న తుపాకీదారులతో చంపించే ఏర్పాటు తెలంగాణలో ఉన్నది. అందులో ఉచ్చుకు, కరెంటుకు, విషానికి చోటు లేదు. తోడేలు విషయంలో పంట నష్టం పేరిట అలాంటి అనుమతికే అవకాశం లేదు. తోడేలు పందిని అదుపు చేసి పంటను కాపాడుతుందని కొన్ని ప్రచార వ్యాసాల్లో కనిపించే మాట మాత్రం అతిశయోక్తి. అది పంది పిల్లలను పట్టవచ్చు, కుందేళ్లను, ఎలుకలను తింటుంది. ఎదిగిన పందుల గుంపు దాని శక్తికి మించినది. చేయని మేలును దానికి ఆపాదిస్తే రైతు మొదటి నష్టంతోనే ఆ మాటను, చెప్పినవారిని కూడా నమ్మడం మానేస్తాడు.

తోడేలు చేసే నష్టం గొర్రెలు, మేకల్లో ఉన్నది. ఆ నష్టం నిజమైనది. చేలు ఖాళీ అయిన తరువాత ఎరువు కోసం మంద పెట్టించుకొనే ఆచారం ఈ నేలకు మేలు చేసేదే. కాని ఆ రాత్రులే తోడేలుకు అనువైనవి. ముళ్లకంపకు బదులుగా విప్పి మడిచి తీసుకుపోగల వల కంచె, పిల్లలను మంద మధ్యన ఉంచడం, మందతో పెరిగిన కుక్కలు, రాత్రి ఒక మనిషి మెలకువ – ఇవి తెలిసిన ఉపాయాలే. కుక్కలకు రేబిస్, డిస్టెంపర్ టీకాలు వేయించడం పశువైద్య శాఖతో కలిసి చేయవలసిన పని, ఎందుకంటే ఆ రోగాలు కుక్కల నుంచి తోడేళ్లకు సోకుతాయి. ఊరకుక్కల గుంపు చంపిన గొర్రెలను కూడా తోడేలు ఖాతాలో రాయడం పరిపాటి. కుక్కలు పలుచోట్ల కరిచి చీల్చి, తినకుండానే అనేక జీవాలను వదిలిపోతాయి. తోడేలు సాధారణంగా గొంతు పట్టి చంపి, తినడానికి ఈడ్చుకుపోతుంది. పంచనామాకు ముందే కళేబరాన్ని పారవేయకుండా అటవీ శాఖకు తెలియజేస్తే పరిహారానికి ఆధారం నిలుస్తుంది.

భయం సంగతి కూడా దాచరానిది. 2024లో ఉత్తర ప్రదేశ్‌లోని బహరాయిచ్ జిల్లాలో తోడేళ్ల దాడుల్లో పలువురు, ముఖ్యంగా పసిపిల్లలు, మరణించారు. ఆ వార్తలు ఇక్కడి గూడేలకు కూడా చేరాయి. అలాంటి దాడులు అరుదు. అయినా పిల్లలు ఆరుబయట నిద్రించే ఊళ్లలో ‘అరుదు’ అన్న మాటతో తల్లికి ధైర్యం రాదు. మనిషికి అలవాటు పడిన జంతువు కనిపిస్తే దానిని పట్టే అధికారం ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతితో మాత్రమే కలుగుతుంది, ఆ కబురు ఎవరికి ఎలా చేరవేయాలో గ్రామస్థులకు ముందే తెలిసి ఉండాలి. లేనప్పుడు దొరికిన ప్రతి తోడేలూ, పిల్లలున్న ప్రతి బొరియా ఆ కోపానికి గురవుతాయి.

బొరియల కాలం గురించి ఒక మాట అవసరం. తోడేలు చలికాలంలో ఈని, బీళ్లలోని గుహల్లో, వాగుల ఒడ్డు బొరియల్లో పిల్లలను పెంచుతుంది. యాసంగి జొన్న నిలిచి ఉండే కాలం, మందలు చేలలో రాత్రి విడిది చేసే కాలం కూడా అదే. బొరియకు పొగ పెట్టడం, నోరు రాళ్లతో మూసివేయడం దేశంలో పలుచోట్ల తోడేలును చంపే సులువైన పద్ధతులు. ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రం యాసంగి శిక్షణ కార్యక్రమాలను అక్టోబరులోనే ప్రారంభిస్తాయి. కంచె కింద కలుపు, ఎర్త్ కడ్డీ తేమ, మంద చుట్టూ వల, బొరియ కనిపించిన చోటికి రెండు నెలలు మందను తోలకుండా ఉండటం – ఈ నాలుగు అంశాలను ఆ కార్యక్రమాల్లో జొన్న విత్తన శుద్ధితో పాటే, గోండీ తెలిసిన సిబ్బంది సహాయంతో చెప్పడానికి అదనంగా పట్టేది అరగంట.