పాత జీపు కొన్నారా? ముందు బ్రేకు విప్పండి

ఉట్నూరు నుంచి ఆసిఫాబాదు వెళ్ళే దారిలో కెరమెరి ఘాటు దిగేటప్పుడు ఇంజను ఆగిపోతే పెద్ద నష్టం లేదు. బండిని పక్కకు పెట్టి చక్రాలకు రాయి వేసుకోవచ్చు. బ్రేకు పట్టకపోతేనే ప్రాణం మీదికి వస్తుంది. అయినా పాత జీపు ఇంటికి రాగానే ముందు పడేది రంగు. ఆ తర్వాత సీట్లు, ఆ తర్వాత ఇంజను. బ్రేకు వంతు అన్నిటికన్నా చివర వస్తుంది. పని నేర్చుకోదలచినవారు ఈ వరుసను తిరగేయాలి.

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు 2016 అక్టోబరులో చీలి కొత్త జిల్లాలయ్యాయి గాని, జీపుతో ఇక్కడి పల్లెలకున్న పరిచయం పాతదే. 1952లో సమాజాభివృద్ధి పథకం, 1959లో పంచాయతీ సమితులు వచ్చాక ఊళ్ళోకి దుమ్ము లేపుకుంటూ వచ్చే బండి అంటే బి.డి.ఓ. గారి జీపే. అటవీశాఖ, పోలీసు, సింగరేణి గనుల జీపులు సరేసరి. అరిగిపోయిన సర్కారు జీపులు వేలంపాటలో రైతుల చేతికి, కాంట్రాక్టర్ల చేతికి వచ్చేవి. ఆ దారి ఇప్పుడు మూసుకుపోయింది. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషను పొడిగించడం లేదు, అవి తుక్కుకు పోవలసిందే. ఇకమీదట పాత జీపు కావాలంటే మరో రైతు దగ్గరో, వ్యాపారి దగ్గరో కొనాలి.

జీపు పుట్టింది 1941లో, యుద్ధం కోసం. విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి యుద్ధకాలంలో ఆరు లక్షలకు పైగా చేశాయి. దారిలో చెడితే సిపాయి అక్కడే బాగుచేసుకునేలా దానిని తయారుచేశారు. మన దేశంలో మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపులను తెప్పించి బిగించడంతో మొదలుపెట్టి, తర్వాత తానే తయారుచేసింది. అమెరికాలో 1968లో నిలిచిపోయిన సి.జె.3బి నమూనా ఇక్కడ ఆ తర్వాత కూడా నడిచింది. పానాల పెట్టె, జాకీ, గ్రీజు గన్ను వున్న ఇంట్లో ఈ బండి పని చాలావరకు చేసుకోవచ్చు. కంప్యూటరు పెట్టి చూడవలసిన భాగం అందులో ఒక్కటీ లేదు.

ఇక బ్రేకు సంగతి. తొలితరం జీపుల్లో నాలుగు చక్రాల బ్రేకులకూ కలిపి ఒకటే మాస్టరు సిలిండరు, అందులో ఒకటే గది. ఇప్పటి కార్లలో లాగ రెండు వేరు వేరు దారులు వుండవు. ఒక్క పైపు పగిలినా, ఒక్క చక్రం దగ్గర రబ్బరు కప్పు చీలినా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. పెడలు నేలకు ఆనుతుంది. బండి నిలిపి వున్నప్పుడే పెడలును గట్టిగా తొక్కి ఒక నిమిషం అట్లాగే పట్టి చూడాలి. అది మెల్లగా కిందికి జారితే ఎక్కడో కారుతున్నట్లే. పెడలు మెత్తగా, స్పంజిలా వుంటే పైపులో గాలి చేరిందని అర్థం.

చక్రం విప్పే ముందు జాకీని నమ్ముకోవద్దు, ఆక్సిలు కింద గట్టి దుంగ పెట్టాలి. డ్రమ్ము తీశాక సిలిండరు చుట్టూ తడి కనిపిస్తే రబ్బరు కప్పులు మార్చాలి. బ్రేకు లైనింగు మీద నూనె జిడ్డు వుంటే ఆక్సిలు సీలు పోయింది. సీలు మార్చకుండా కొత్త లైనింగు వేస్తే డబ్బు దండగ. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదరాదు, గాలి పంపుతోనూ కొట్టరాదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాసు వుండేది, ఆ పొడి ఊపిరితిత్తులకు విషం. తడిగుడ్డతో తుడవాలి.

బ్రేకు ఆయిలు తక్కువైతే ఇంజను ఆయిలు పోసేవారు ఇప్పటికీ వున్నారు. అది రబ్బరు కప్పులను ఉబ్బించి పాడుచేస్తుంది. ఒకసారి పోశాక రబ్బరు సామానంతా మార్చడం తప్ప వేరే మందు లేదు. పోయవలసింది డబ్బా మీద డాట్ 3 అని రాసివున్న ఆయిలు. అది గాలిలోని తేమను పీలుస్తుంది కనుక రెండేళ్ళకొకసారి మార్చడం మంచిది. గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడలు తొక్కిపట్టాలి, రెండోవారు చక్రం దగ్గర నిపులు వదులుచేసి, బుడగలు పోయాక, పెడలు లేవకముందే బిగించాలి. మాస్టరు సిలిండరుకు అన్నిటికన్నా దూరాన వున్న చక్రంతో మొదలుపెట్టాలి.

చేతిబ్రేకు వెనుక చక్రాలకు వుంటుందనుకుంటారు. పాత జీపులో అది గేరుబాక్సు వెనుక షాఫ్టును పట్టుకునే చిన్న డ్రమ్ము. నిలిపిన బండిని ఆపి వుంచడానికే అది. పరుగులో వున్న బండికి వేస్తే దెబ్బ అంతా షాఫ్టు మీద, క్రాసుల మీద పడుతుంది.

చక్రాల నట్ల దగ్గర మరో చిక్కు వుంది. కొన్ని పాత జీపుల్లో ఎడమవైపు నట్లకు ఎదురు మర వుంటుంది. మామూలు పద్ధతిలో పానా పట్టి ఇద్దరు కలిసి విప్పబోతే నట్టు ఇంకా బిగుసుకుంటుంది, చివరికి స్టడ్డు తెగుతుంది. ముందుగా మర ఏ వైపు తిరుగుతుందో చూసుకోవాలి. స్టీరింగు పని దీని వెంటే చేసుకోవచ్చు. ముందు చక్రాన్ని పైకి లేపి, మీద ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపితే కింగుపిన్నులో, గుండ్లలో వున్న ఆట తెలిసిపోతుంది. కమానుల షాకిళ్ళకు, టై రాడ్లకు గ్రీజు కొట్టడం ట్రాక్టరున్న రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు.

వర్షాకాలంలో వాగులు దాటే ఊళ్ళవారు మరొకటి గుర్తుంచుకోవాలి. వేడెక్కిన డిఫరెన్షియలు చల్లని నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుంటుంది. గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయి వుంటే సీళ్ళ సందుల నుంచి నీటిని లోపలికి లాగుతుంది. దాటిన మర్నాడు ప్లగ్గు విప్పి చూస్తే ఆయిలు మజ్జిగలా తెల్లగా కనబడుతుంది. అట్లా అయితే అంతా దించి కొత్త గేరాయిలు పోయాలి, లేకపోతే పళ్ళు తింటుంది. తడిసిన బ్రేకు వెంటనే పట్టదు. ఒడ్డెక్కాక మెల్లగా పోతూ పెడలును తేలికగా నొక్కుతుంటే ఆరుతుంది.

ముందు చక్రాలకు కూడా శక్తినిచ్చే కడ్డీని బురదలో, ఇసుకలో, జారుడులో మాత్రమే వేయాలి. మలుపులో ముందు చక్రాలు, వెనుక చక్రాలు సమానంగా తిరగవు. తారురోడ్డు మీద చక్రాలు జారి ఆ తేడాను సర్దుకోలేవు కనుక షాఫ్టులు మెలిపడి బిగుసుకుంటాయి. స్టీరింగు బరువెక్కిందంటే కడ్డీ తీయమని బండి చెబుతున్నట్లే.

ఇంజను గురించి మనవాళ్ళకు భయం అక్కరలేదు. బావి మీద ఆయిలింజనుకు గాలి తీసిన చెయ్యి డీజిలు జీపుకూ తీస్తుంది. పెట్రోలు జీపు మొరాయిస్తే ముందు పాయింట్లు, ప్లగ్గులు, ఆ తర్వాత కార్బ్యురేటరులో చెత్త చూసుకోవాలి. దీపాలు మసకబారితే బ్యాటరీని తిట్టే ముందు ఛాసిస్‌కు పట్టిన ఎర్తు తీగ తుప్పు గీకి బిగించాలి.

ఖర్చు తగ్గుతుందని పెట్రోలు ఇంజను దింపి డీజిలు ఇంజను ఎక్కించిన జీపులు ఈ ప్రాంతంలో తిరుగుతుంటాయి. బేరం కుదిరే ముందు ఛాసిస్ నెంబరును, ఇంజను నెంబరును, ఇంధనం పేరును ఆర్.సి.తో సరిచూసుకోవాలి. రవాణాశాఖ అనుమతి లేకుండా మార్చిన ఇంజను కొన్నవాడి నెత్తిన పడుతుంది, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగేదీ అదే. పేరు మార్పుకు 29, 30 నెంబరు ఫారాల మీద అమ్మిన వ్యక్తి సంతకం తీసుకున్నాకే మిగిలిన పైకం ఇవ్వాలి. సొంత వాహనం రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు ముగుస్తుంది, ఆ తర్వాత అయిదేళ్ళకొకసారి బండిని తనిఖీకి చూపించి పొడిగించుకోవాలి. అక్కడ తనిఖీ అధికారి చూసేవాటిలో బ్రేకు ఒకటి.