బుజ్జాయికి తొలి బండి

స్ట్రోలర్ కొనాలంటే వేలకు వేలు పోయక్కర్లేదు. డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలిస్తే నెల జీతానికి గండి పడకుండానే మంచి బండి ఇంటికొస్తుంది.

ఎడమ చంకలో తొమ్మిది కిలోల పాప. కుడి భుజానికి డైపర్లూ పాలసీసా ఉన్న సంచి. చేతిలో టీకాల కార్డు. లిఫ్టు బటన్ నొక్కడానికి వేలు ఖాళీ లేక మోచేత్తో నొక్కుతుంది ఆ తల్లి. కిందేమో క్యాబ్ వచ్చి హారన్ కొడుతుంటుంది. హైదరాబాద్ మియాపూర్‌లోనైనా, విశాఖ మధురవాడలోనైనా, విజయవాడ పటమటలోనైనా పసిపిల్లలున్న ఇళ్లలో ఇది తరచూ కనిపించేదే. అందుకే ఒకప్పుడు సినిమాల్లోనో, అమెరికా నుంచి వచ్చిన చుట్టాల దగ్గరో చూసిన స్ట్రోలర్ ఇప్పుడు బారసాల కానుకల్లోకి వచ్చేసింది.

తీరా కొనబోతే చిక్కు మొదలవుతుంది. రెండు వేల నుంచి ముప్ఫై వేలు దాటేవరకూ రకరకాలు. బొమ్మలో చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. చాలామంది రంగు చూసో, కప్పు పెట్టుకునే గూడు చూసో కొనేస్తారు. అలా కొన్న బండి లిఫ్టులో పట్టదు, లేదా డిక్కీలో పట్టదు, లేదా ముడవడం ఎవరికీ చేతకాదు. కొన్నాళ్లకే బాల్కనీలో ఓ మూలకు చేరుతుంది. కొనేముందు నాలుగు ప్రశ్నలు వేసుకుంటే ఈ వృథా తప్పుతుంది.

‘మేం తోశామా బండి?’

“ముగ్గుర్ని పెంచాను, ఏ బండి తోశానే? చంకనేసుకుంటే సరిపోలా!” అని అత్తగారో అమ్మో అనకుండా ఉండరు. ఆవిడ అన్నదీ నిజమే. అప్పట్లో పిల్లను అందుకోవడానికి పిన్ని, పెద్దమ్మ, మేనత్త, పక్కింటి అక్క ఉండేవారు. ఇప్పుడు రెండు పడకగదుల ఇంట్లో ఉండేది ఇద్దరు. అందులో ఒకరు ఆఫీసుకు వెళ్తే మిగిలేది ఒక్కరు. సిజేరియన్ అయిన తల్లికి కొన్ని వారాలు బరువులెత్తొద్దంటారు డాక్టర్లు. సాయానికి వచ్చిన తాతయ్యకు మోకాళ్ల నొప్పులు. అలాంటి ఇంట్లో స్ట్రోలర్ ఆడంబరం ఏమీ కాదు, ఓ మనిషి సాయం. బండి వద్దన్న ఆ అమ్మమ్మే డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లి ఆర్నెల్లు ఉన్నప్పుడు, సాయంత్రం మనవణ్ని షికారు తిప్పేది స్ట్రోలర్‌లోనే.

వయసే మొదటి లెక్క

బండి ఎంపికలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది బిడ్డ వయసు. మెడ నిలవని పసికందును నిటారుగా కూర్చోబెడితే తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది. అప్పుడు శ్వాస సాఫీగా ఆడదు. అందుకే యూరప్ ప్రమాణం ఈఎన్ 1888 ప్రకారం ఆర్నెల్లలోపు పిల్లలను కూర్చోబెట్టే సీటు కనీసం 150 డిగ్రీల వరకూ వెనక్కి వాలాలి. అంటే దాదాపు పడుకున్నట్టే ఉండాలి. పెట్టె మీద ‘ఆర్నెల్లు దాటిన వారికి’ అని ఉంటే అది సలహా కాదు, హెచ్చరిక అనుకోవాలి.

బిడ్డకు ఎనిమిదో తొమ్మిదో నెల వచ్చి, ఆసరా లేకుండా కూర్చుంటుంటే లెక్క మారిపోతుంది. పూర్తిగా వాలే సీటు కోసం రెండు వేలు ఎక్కువ పెట్టక్కర్లేదు. కొంచెం వాలే తేలికపాటి మడత బండి (బగ్గీ) చాలు.

ఇక బరువు. చాలా స్ట్రోలర్ల పరిమితి 15 కిలోలు. కొన్ని కొత్త మోడళ్లు 22 కిలోల దాకా మోస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికల ప్రకారం మూడేళ్ల పిల్లల సగటు బరువు దాదాపు 14 కిలోలు. కాబట్టి 15 కిలోల బండి చాలామందికి మూడేళ్ల వరకూ సరిపోతుంది. ఆ తర్వాత ఎలాగూ దిగి పరుగెత్తుతారు.

ముందు మీ ఇల్లు కొలవండి

లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉంటారా? అయితే పది కిలోల బండి ఎంత అందంగా ఉన్నా వద్దు. ఆరేడు కిలోలకు మించనివ్వకండి. ఎక్కువగా ఆటోల్లో తిరుగుతారా? ఒక చేత్తో పిల్లను పట్టుకుని, రెండో చేత్తో ముడవగలిగేది కావాలి. సొంత కారుంటే డిక్కీ వెడల్పు టేపుతో కొలిచి, ఆ కాగితం దుకాణానికి పట్టుకెళ్లండి. సీఎన్‌జీ సిలిండర్ ఉన్న కారైతే మరీ జాగ్రత్త. అపార్ట్‌మెంటు లోపల, పార్కులో, మాల్‌లో తిప్పడానికే అయితే చిన్న చక్రాలు చాలు. గతుకుల వీధిలోకి తీసుకెళ్లాలంటే పెద్ద చక్రాలు ఉండి తీరాలి.

తరచూ విమానం ఎక్కేవారు చిన్నగా ముడుచుకునే రకం చూసుకోవచ్చు. మన దేశీయ విమానయాన సంస్థలు పసిబిడ్డ వెంట మడత స్ట్రోలర్‌కు సాధారణంగా అదనంగా వసూలు చేయవు. అందువల్ల ‘కేబిన్‌లో పట్టేది’ అన్న ఒక్క మాట కోసం రెట్టింపు ధర పెట్టేముందు ఏడాదికి ఎన్నిసార్లు ఎగురుతారో లెక్కేసుకోండి.

డబ్బు పెట్టాల్సినవి నాలుగు

బెల్టు: రెండు భుజాల మీదుగా, నడుముకు రెండు పక్కల, కాళ్ల మధ్య నుంచి వచ్చి ఒకేచోట కలిసే ఐదు పాయింట్ల బెల్టే తీసుకోండి. నడుముకు మాత్రమే ఉండే బెల్టులోంచి పిల్లలు జారి దిగిపోతారు, లేదా లేచి నిలబడతారు. బకిల్‌ను పెద్దవాళ్లు కూడా కొంచెం గట్టిగా నొక్కితేనే ఊడాలి. బెల్టు పెట్టాక ఛాతీకీ పట్టీకీ మధ్య రెండు వేళ్లు దూరేంత సందు ఉంటే చాలు.

బ్రేకు: వెనక రెండు చక్రాలకూ కలిపి ఒకే పెడల్ ఉంటే మంచిది. విడివిడిగా ఉంటే హడావుడిలో ఒకటి వేసి రెండోది మర్చిపోతాం. చెప్పులు వేసుకున్న కాలితో వేయడానికీ తీయడానికీ వీలుగా ఉందో లేదో చూడండి. కొన్ని పెడళ్లను కింద నుంచి కాలివేళ్లతో పైకి లేపాలి. చెప్పులతో అది నరకం.

మడత తాళం: ముడుచుకునే బండి మొదటి నుంచీ లేదు. 1733లో విలియం కెంట్ అనే ఆయన ఇంగ్లండ్‌లో డెవన్‌షైర్ డ్యూక్ పిల్లల కోసం చేసిన తొలి బండి ముడుచుకునేది కాదు, దాన్ని మేకో పొట్టి గుర్రమో లాగాలి. రెండు శతాబ్దాలకు పైగా ప్రామ్‌లు, అంటే పసిపిల్లల బళ్లు, బరువుగానే ఉండేవి. 1965లో ఓవెన్ మెక్లారెన్ అనే విశ్రాంత ఏరోనాటికల్ ఇంజినీరు ఆ తీరు మార్చేశాడు. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరికపై పనిచేసినవాడాయన. ప్రయాణాల్లో బరువైన ప్రామ్‌తో కూతురు పడే అవస్థ చూసి, అల్యూమినియం గొట్టాలతో గొడుగులా ముడుచుకునే బగ్గీ చేశాడు. బరువు మూడు కిలోల లోపే. ఇవాళ మన బజార్లో దొరికే చవక బగ్గీలన్నీ ఆ ఆలోచన సంతానమే.

ముడుచుకునే చోటే ముప్పు కూడా ఉంది. 2009 నవంబరులో అమెరికాలో అదే మెక్లారెన్ పేరుతో నడిచే కంపెనీ దాదాపు 10 లక్షల స్ట్రోలర్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. మడత కీలులో పడి పిల్లల వేలికొసలు తెగిన ఘటనలు 12 నమోదయ్యాయి. కొనేటప్పుడు ఆ కీలు దగ్గర వేలు పెట్టి తడిమి చూడండి. లోహం అంచులు బయటకు కనిపిస్తున్నాయా, ప్లాస్టిక్ తొడుగు ఉందా? తెరిచాక ‘టక్’మని తాళం పడాలి. దానికి తోడు రెండో కొక్కెం కూడా ఉండాలి. ఒకటి జారినా రెండోది పట్టుకుంటుంది. ఇంట్లో బండి విప్పేటప్పుడూ ముడిచేటప్పుడూ బిడ్డను రెండడుగులు దూరంగా ఉంచండి.

చక్రాలు: ముందు చక్రాలు గుండ్రంగా తిరగాలి. అవసరమైతే నేరుగా ఉండేలా లాక్ పడాలి. గతుకుల్లో ఈ లాకే కాపాడుతుంది. గట్టి ప్లాస్టిక్ చక్రం కన్నా రబ్బరు తొడుగున్నదో, మెత్తటి ఫోమ్‌దో మేలు. రోడ్డు అదురు బిడ్డ వెన్నుకు అంతగా తగలదు.

ఇవి లేకపోయినా ఫర్వాలేదు

అటూఇటూ తిప్పుకునే హ్యాండిల్, ముందు ట్రే, బొమ్మల కమ్మీ, కప్పు గూడు, దోమతెర, కాళ్లకు కప్పే సంచి.. ఇవన్నీ ధర పెంచేవే. దోమతెర విడిగా తక్కువకే దొరుకుతుంది. నెలల బిడ్డ ముఖం కనిపిస్తూ ఉండాలనుకుంటే తిప్పుకునే హ్యాండిల్ ఒక్కటి పనికొస్తుంది. మిగతావి మీ సరదా.

ధరల సంగతికొస్తే, సాదా గొడుగు మడత బగ్గీ సుమారు రూ.2,000 నుంచి రూ.3,500 మధ్య వస్తుంది. పూర్తిగా వాలే సీటు, ఐదు పాయింట్ల బెల్టు ఉన్న మామూలు స్ట్రోలర్ రూ.4,000 నుంచి రూ.7,000 దాకా ఉంటుంది. ముడిస్తే చిన్న సూట్‌కేసంత అయ్యేవి చాలావరకు రూ.8,000 దాటుతాయి. లవ్‌లాప్, ఆర్ ఫర్ ర్యాబిట్, మీమీ, బేబీహగ్ లాంటివి మధ్యతరగతికి అందే ధరల్లో ఉన్నాయి. చికో, గ్రాకో, జోయీ లాంటివి వాటికన్నా పైనుంటాయి. పేరు ఏదైనా పెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, ఎమ్మార్పీ, ఏ దేశంలో తయారైందో ముద్రించి ఉండాలి. ఈఎన్ 1888 లేదా అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎమ్ ఎఫ్833 ప్రస్తావన ఉంటే ఇంకా మంచిది. చక్రం, బకిల్ విడిగా దొరుకుతాయా అని అడగడం మర్చిపోకండి. సరుకులో లోపం ఉండి దుకాణదారు మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

దుకాణంలో పది నిమిషాలు

• పది కిలోల బియ్యం బస్తా సీటులో పెట్టి తోయండి. ఖాళీ బండి ఎప్పుడూ తేలిగ్గానే కదులుతుంది.
• ఒక చేత్తో తోయండి. బండి ఓ పక్కకు లాగితే వద్దు.
• దుకాణం ర్యాంపు మీద బ్రేకు వేసి వదలండి. కదలకూడదు.
• సేల్స్ కుర్రాడు ముడిచి చూపిస్తే సరిపోదు. “ఒకసారి ఇటివ్వు బాబూ” అని మీరు మూడుసార్లు విప్పి ముడవండి. రోజూ తిప్పేది అమ్మమ్మే అయితే ఆవిడతోనే ముడిపించండి.
• పొడవుగా ఉన్న నాన్న కూడా తోసి చూడాలి. హ్యాండిల్ కోసం నడుము వంచాల్సి వస్తే ఆ బండి ఆయనకు సరిపడదు.
• సీటు గుడ్డ ఊడదీసి ఉతుక్కోవచ్చో లేదో అడగండి. మన ఎండలకూ చెమటకూ ఇది తప్పనిసరి.

ఆన్‌లైన్‌లో వంద రూపాయలు తక్కువకు వచ్చినా, ముందు దుకాణంలో తోసి చూశాకే ఆర్డరు పెట్టండి.

ఎండలో గుడ్డ కప్పుతున్నారా?

ఎండ పడుతోందని బండి మీద చున్నీయో తువ్వాలో కప్పేస్తాం. బిడ్డ మీద ప్రేమతో చేసే ఈ పనే హాని చేస్తుంది. గాలి ఆడక లోపల వేడి పెరుగుతుంది. సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో ప్రచురించిన ప్రయోగాల్లో, పొడి గుడ్డ కప్పినప్పుడు స్ట్రోలర్ లోపల వేడి దాదాపు నాలుగు డిగ్రీల దాకా పెరిగింది. మస్లిన్ గుడ్డను తడిపి కప్పి, చిన్న ఫ్యాన్ తగిలిస్తే ఐదు డిగ్రీల వరకూ తగ్గింది. తడి గుడ్డ ఆరిపోతే మళ్లీ తడపాలి. గాలిలో తేమ ఎక్కువుండే కోస్తా ఊళ్లలో ఈ ఉపాయం అంతగా పనిచేయదు. కాబట్టి కొనేటప్పుడే వెడల్పాటి కప్పు, వెనకవైపు గాలాడే జాలీ ఉన్నది ఎంచుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం షికార్లు అసలే వద్దు.

పాతది కొంటే తప్పా?

తప్పే కాదు. బిడ్డ రెండు మూడేళ్లు వాడే వస్తువు చాలా ఇళ్లలో కొత్తదానిలాగే మిగిలిపోతుంది. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుల్లో సగం ధరకో, ఊరికేనో దొరుకుతుంది. అక్క కొడుకు వాడింది చెల్లెలి కూతురికి రావడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. చూడాల్సినవల్లా బెల్టు కుట్లు, బకిల్, బ్రేకు, మడత తాళం. వీటిలో ఏ ఒక్కటి వదులైనా తీసుకోవద్దు. గుడ్డ మాసిపోతే ఉతుక్కోవచ్చు, తాళం అరిగితే మాత్రం బాగవదు. పండక్కి ఊరెళ్లే పది రోజుల కోసమే అయితే పెద్ద నగరాల్లో అద్దెకూ ఇస్తున్నారు.

బండి ఎక్కించాక

బరువైన సంచులు హ్యాండిల్‌కు తగిలించకండి. బిడ్డను ఎత్తుకోగానే బండి వెనక్కి తిరగబడుతుంది. బరువు కింది బుట్టలోనే పెట్టాలి. ఎస్కలేటర్ మీద స్ట్రోలర్ ఎక్కించడం ప్రమాదం, మెట్రో స్టేషన్లలో లిఫ్టు ఉంది. కారులో మామూలు స్ట్రోలర్ సీటును కారు సీటులా వాడకూడదు, అది వేరే వస్తువు. బిడ్డ బండిలో నిద్రపోతే ఇంటికి రాగానే పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టండి.

మరో మాట. ఐదేళ్లలోపు పిల్లలను స్ట్రోలర్‌లో గానీ, ఎత్తు కుర్చీలో గానీ ఏకబిగిన గంటకు మించి కట్టి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పార్కుకు చేరాక దింపేయండి. బండి చేర్చడానికే, ఆడుకోవడానికి నేల ఉంది.

ఆ పార్కు దాకా వెళ్లే దారి సంగతి మునిసిపాలిటీలు చూడాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డంకుల్లేని దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలి. అర మీటరు వెడల్పు స్ట్రోలర్ కూడా సాగని ఫుట్‌పాత్‌లు మన నగరాల్లో కోకొల్లలు. కరెంటు స్తంభాలు, బైకులు, రాళ్లు లేచిన అంచులు తల్లిని రోడ్డు మీదకు నెడుతున్నాయి. బిడ్డ బండి సాఫీగా వెళ్లే దారి ఉంటే చక్రాల కుర్చీలో ఉన్నవారూ, చేతికర్ర పట్టిన తాతయ్యా కూడా వెళ్లగలరు. కాలనీ సంఘాలు వార్డు కార్యాలయాన్ని గట్టిగా అడగాల్సిన హక్కు ఇది.

మొత్తం మీద మా మాట ఇదీ. ఆర్నెల్లలోపు బిడ్డ అయితే రూ.4,000 నుంచి రూ.7,000 మధ్య, పూర్తిగా వాలే సీటున్న, ఏడు కిలోలకు అటూఇటూ బరువుండే స్ట్రోలర్ చాలు. ఏడాది నిండబోయే బిడ్డకైతే ఐదు పాయింట్ల బెల్టున్న సాదా బగ్గీ సరిపోతుంది. అంతకు మించి పెట్టే ప్రతి రూపాయీ మీ సౌకర్యానికే గానీ, బిడ్డ క్షేమానికి కాదు. మీ పాపాయి నడక నేర్చి బండి వద్దన్న రోజున, దాన్ని శుభ్రంగా కడిగి అవసరమున్న మరో ఇంటికి ఇచ్చేయండి. కొత్తదైనా పాతదైనా, గేటు దాకా వెళ్లి రావడానికే అయినా, బెల్టు పెట్టకుండా ఒక్క అడుగు కూడా తోయకండి.