తగిలిన బాణం, దొరకని జింక: మధ్యలో ఉన్న లెక్క

అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో ఇండియన్ హెడ్ అనే నౌకాదళ స్థావరం ఉంది. ఆ ఆవరణలో విల్లు, క్రాస్‌బౌలతో జింకల్ని వేటాడేవాళ్లు బాణం వదిలిన ప్రతిసారీ ఏం జరిగిందో రాసివ్వాలి. తగిలిందా, తప్పిందా, తగిలితే జింక చేతికొచ్చిందా? 1989 నుంచి 2006 వరకూ పోగైన ఆ చీటీలన్నీ కలిపి చూస్తే, బాణం తగిలిన ప్రతి 100 జింకల్లో 82 దొరికాయి. 18 దొరకలేదు. ఆ వేటగాళ్లు ఆషామాషీ మనుషులూ కారు. గురి పరీక్ష నెగ్గితేనే వాళ్లను లోపలికి రానిచ్చేవారు.

ఈ 18 చిన్న అంకె కాదు. అమెరికాలో తెల్లతోక జింకలు దాదాపు 3 కోట్లున్నాయి. 1900 ప్రాంతంలో 5 లక్షలకు మించి మిగల్లేదని అంచనా. ఇప్పుడు ఏటా దాదాపు 60 లక్షల జింకలు వేటలో పోతున్నాయి. అందులో సుమారు నాలుగో వంతు, అంటే 15 లక్షలు, విల్లుకో క్రాస్‌బౌకో పడుతున్నవే. ఇండియన్ హెడ్ నిష్పత్తే దేశమంతటా ఉందనుకుంటే, ఇళ్లకు చేరిన ఈ 15 లక్షలు కాక మరో 3.3 లక్షల జింకలు బాణం దెబ్బతో ఏటా పొదల్లోకి మాయమైనట్టు. ఇది ఎవరో కొలిచిన అంకె కాదు, కాగితం మీద చేసిన గుణకారం. సగం తప్పయినా తేలిగ్గా తీసుకోవాల్సింది మాత్రం కాదు.

అయితే దొరకని జింకలన్నీ చచ్చిపోతాయా? దీనికి జవాబు ఓక్లహోమా రాష్ట్రంలోని మెకాలెస్టర్ ఆయుధ కర్మాగారం అడవిలో దొరికింది. అక్కడ 1990లలో పరిశోధకులు జింకల మెడకు రేడియో పట్టీలు కట్టి వదిలారు. అక్కడి వేటగాళ్లవి కప్పీలు లేని పాతకాలపు విల్లులు. పట్టీలున్న జింకల్లో 22కు బాణాలు తగిలాయి. 11 దొరికాయి, 11 దొరకలేదు. సగానికి సగం! కానీ ఆ దొరకని పదకొండులో గాయం వల్ల చనిపోయినవి 3. మిగతావి కోలుకున్నాయి. విల్లు వేటను తిట్టేవాళ్లు మొదటి అంకె దగ్గరే ఆగిపోతారు, వెనకేసుకొచ్చేవాళ్లు నేరుగా రెండో అంకె ఎత్తుకుంటారు. రెండూ ఒకే కాగితం మీదివి. పైగా 22 జింకలంటే చిన్న నమూనా. పరికరాలు వేరు, లెక్కించిన పద్ధతి వేరు కాబట్టి ఇండియన్ హెడ్ 18నీ, మెకాలెస్టర్ 50నీ పక్కపక్కన పెట్టి ఏది నిజమని అడగడం కుదరదు.

గురి బాగానే ఉన్నా బాణం ఎందుకు పక్కకు పోతుందో చూద్దాం. కప్పీలున్న నేటి కాంపౌండ్ విల్లు నుంచి బాణం సెకనుకు సుమారు 280 అడుగుల వేగంతో వెళ్తుంది. శబ్దం వేగం సెకనుకు 1,125 అడుగులు. జింక 30 గజాల దూరంలో ఉందనుకోండి. బాణం చేరడానికి 0.32 సెకను పడుతుంది, నారి చప్పుడు 0.08 సెకనులోనే చేరిపోతుంది. అంటే జింకకు 0.24 సెకను ముందే కబురు అందింది. బెదిరిన జింక గెంతే ముందు కాళ్లు మడిచి ఒళ్లు కిందికి దించుతుంది. చప్పుడు విన్న పదో వంతు సెకనుకు అది కదిలిందనీ, రాయి పడినంత వేగంగా కిందికి దిగిందనీ అనుకుంటే, బాణం వచ్చేసరికి 20 గజాల దగ్గర ఒక అంగుళం కూడా దిగదు. 30 గజాల దగ్గర దాదాపు 4 అంగుళాలు దిగుతుంది. 40 గజాల దగ్గర తొమ్మిదిన్నర. గుండె, ఊపిరితిత్తులు కలిసి ఉన్న చోటు 8 నుంచి 10 అంగుళాల వెడల్పు మాత్రమే. దాని నడిమధ్యకు గురిపెట్టిన 40 గజాల బాణం, విలుకాడి తప్పేమీ లేకుండానే, వెన్ను దాకా లేచిపోవచ్చు. ప్రతి జింకా ఇలా బెదరదు, కానీ ఏది బెదురుతుందో ముందుగా చెప్పే విద్య ఎవరి దగ్గరా లేదు. అట్టబొమ్మ మీద 60 గజాలకు గురి కుదురుతుందని గొప్పలు పోయేవాళ్లకు ఈ లెక్క చూపించాలి. అట్టబొమ్మకు చెవులుండవు.

సరే, బాణం పడకూడని చోట పడింది. ఇప్పుడేం చేయాలి? ఏమీ చేయకూడదు. అమెరికాలోని విల్లు వేట శిక్షణ తరగతుల్లో మొదట నేర్పేది ఇదే. మంచె దిగి పరుగెత్తవద్దు. జింక నిలబడ్డ చోటూ, చివరిసారి కనబడ్డ చోటూ ఏ చెట్టో బండో గుర్తుపెట్టుకుని గడియారం చూసుకోమంటారు. ఊపిరితిత్తులకు తగిలిందనిపిస్తే అరగంట ఆగాలి. కాలేయానికైతే 4 నుంచి 6 గంటలు. పొట్టకో పేగులకో అయితే 8 నుంచి 12 గంటలు. సాయంత్రం వేసిన బాణమైతే ఇక తెల్లారాకే.

ఇంతసేపు ఎందుకంటే, బాణంతో చావు నెత్తురు కారిపోవడం వల్ల వస్తుంది. 68 కిలోల జింకలో కనీసం 3.8 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో 35 శాతం, అంటే 1.3 లీటర్లు పోతే అది కూలుతుంది. రెండు ఊపిరితిత్తులూ చీలితే అది సెకన్ల పని, సాధారణంగా 150 గజాల లోపే పడిపోతుంది. కాలేయమైతే గంటలు. పొట్టలో అంత పెద్ద రక్తనాళాలు లేవు, లోపలి సరుకు కడుపంతా చిమ్మి విషమయ్యాకే ప్రాణం పోతుంది. ఇలాంటి జింకను ఎవరూ తరమకపోతే వంద, రెండొందల గజాలు నడిచి, నడుం వంచుకుని ఏ పొదలోనో పడుకుంటుంది. తొందరపడి దాన్ని లేపితే కిలోమీటరు దాటి పోగలదు. అదీ చుక్క కూడా రాల్చకుండా. కొవ్వో పేగు ముక్కో గాయానికి అడ్డుపడి నెత్తురు ఆగిపోతుంది. దొరకని జింకల పాపంలో బాణానికెంత వాటా ఉందో, ఆగలేని కాళ్లకూ అంతే ఉంది.

బాణం ఎక్కడ తగిలిందో తెలిసేదెలా? చాలా సార్లు బాణం జింకలోంచి దూసుకుపోయి అవతల నేలలో గుచ్చుకుని ఉంటుంది. దాన్ని చప్పుడు చేయకుండా వెళ్లి తీసుకురావచ్చు. పుల్ల మీద నెత్తురు గులాబీ రంగులో, సన్నటి బుడగలతో ఉంటే ఊపిరితిత్తులు. బుడగల్లేకుండా చిక్కటి ముదురెరుపైతే కాలేయం. ఎర్రగా తేటగా ఉండి తెల్లకొవ్వు అంటితే తొడో రొమ్ము కండో. బాణం ఈకలు తడిసి అంటుకుపోయి, పచ్చగా గోధుమగా జిగురుండి, నమిలిన ఓక్ కాయల పొట్టు కనబడి, పులిసిన కుడితి కంపు కొడితే పొట్ట. అక్కడ రాలిన వెంట్రుకలు కూడా చెబుతాయి: ముతకగా తెల్లగా ఉంటే బాణం పొట్ట కింది భాగాన్ని తాకింది. అనుభవజ్ఞులు బాణాన్ని కంటితో చూసేముందే ముక్కు దగ్గర పెట్టుకుంటారు. కండకు మాత్రమే తగిలితే ఆగాలా, వెంటనే వెంటపడి గాయాన్ని మానకుండా చూడాలా అన్నదాని మీద రెండు వర్గాలున్నాయి. ఆ తగువు తేలేది కాదు.

జాడ తీయడం మెల్లగా చేసే పని. ఇద్దరుంటే మేలు. ఒకరు చివరి చుక్క దగ్గర కదలకుండా నిలబడాలి, రెండోవాళ్లు తర్వాతి చుక్క వెతకాలి. జాడ మీద నడవకూడదు, పక్కన నడవాలి. ప్రతి చుక్క దగ్గరా టాయిలెట్ పేపరు ముక్క కొమ్మకు తగిలిస్తారు, వెనక్కి తిరిగి చూస్తే ఆ తెల్లముక్కల వరస జింక ఎటు పోతోందో చూపిస్తుంది. నేలనే చూస్తూ పోతే సగం నెత్తురు కనబడదు. మోకాలి ఎత్తు గడ్డికీ, ఆకుల అంచులకూ రాసుకుని ఉంటుంది. ఎర్రబారిన మేపుల్ ఆకు మీది మచ్చ నెత్తురో కాదో తేలకపోతే మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చల్లుతారు. నెత్తురైతే నురగ వస్తుంది. ఇరవై అడుగుల మంచె మీంచి ఏటవాలుగా దిగిన బాణం రెండోవైపు బయటికి రాకపోతే నెత్తురంతా రొమ్ములోనే నిండి, నేల మీద పడేది చాలా తక్కువ. నెత్తురు లేదు కాబట్టి సరిగా తగల్లేదు అనుకుని వెనుదిరగడం అందుకే పొరపాటు.

చుక్కలు ఆగిపోయిన చోట కుక్క పని మొదలవుతుంది. జర్మనీలో ఇది పాత సంప్రదాయం. అమెరికాకు దాన్ని అలవాటు చేసినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సినవాడు జాన్ జెన్నీ. ఆయన చరిత్ర బోధించే ప్రొఫెసరు. 1970లలో న్యూయార్క్ రాష్ట్రంలో గరుకు వెంట్రుకల డాక్సుండ్‌లతో మొదలుపెట్టాడు. పొట్టికాళ్ల ఆ కుక్కకు పొడవాటి తాడు కట్టి వెనకాల మనిషి నడుస్తాడు. కుక్క పసిగట్టేది నెత్తురొక్కటే కాదు, జింక గిట్టల మధ్య గ్రంథుల నుంచి అడుగడుగునా నేలకు అంటుకునే వాసనను కూడా. ఒక్కో జింకకు ఆ వాసనలో తేడా ఉంటుంది కాబట్టి శిక్షణ పొందిన కుక్క మందలోంచి గాయపడ్డదాన్నే పట్టుకుపోతుంది. ఇప్పుడు అమెరికాలో అత్యధిక రాష్ట్రాలు తాడు కట్టిన కుక్కను అనుమతిస్తున్నాయి. వేడిని పట్టే కెమెరాలున్న డ్రోన్లూ వచ్చాయి గానీ, వాటి మీద ఒక్కో రాష్ట్రానిది ఒక్కో మాట. మిచిగన్ వద్దంది.

వేచి ఉండటానికి అడ్డొచ్చేది ఉష్ణోగ్రత. రాత్రి 4 డిగ్రీల సెల్సియస్ ఉంటే తెల్లారేదాకా మాంసం చెడదు. 10 దాటితే అనుమానమే. సెప్టెంబరు ఉక్కలో పొట్టకు తగిలిన జింకను రాత్రంతా వదిలితే మాంసం పాడవుతుంది, లేదా కొయోట్లనే తోడేలు జాతి జంతువుల పాలవుతుంది. అయినా నేను ఆగడం వైపే. మాంసం పోతుందని తొందరపడి లేపితే జింకా పోతుంది, మాంసమూ పోతుంది. 68 కిలోల జింక నుంచి ఎముకల్లేకుండా పాతిక కిలోల దాకా మాంసం వస్తుంది. అక్కడ అడవి జింక మాంసం అమ్మకూడదు, తినొచ్చు, దానమివ్వొచ్చు. 1997లో మేరీల్యాండ్‌లోనే మొదలైన ఫార్మర్స్ అండ్ హంటర్స్ ఫీడింగ్ ది హంగ్రీ సంస్థ ఇలాంటి మాంసాన్ని పేదల వంటశాలలకు చేరుస్తోంది. కొట్టిన జంతువును వెతకకుండా వదిలేయడం చాలా రాష్ట్రాల్లో నేరం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింక మీద బాణం వేయడమే నేరం, కాబట్టి ఈ లెక్కలన్నీ అక్కడివే.

అక్కడున్న తెలుగువాళ్లకు మాత్రం ఇది దూరపు విషయం కాదు. మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న వర్జీనియాలోని ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీ, జింకల సంఖ్య తగ్గించడానికి తన పార్కుల్లోకి అనుమతి పొందిన విలుకాళ్లను దింపుతుంది. గాయపడ్డ జింకకు పార్కు హద్దు తెలియదు, మీ పెరటి కంచె దాటి రావచ్చు. అప్పుడు ఎవరైనా తలుపు తట్టి, జింక కోసం మీ స్థలంలోకి రావచ్చా అని అడిగితే కంగారు పడకండి. అడిగి రావడమే పద్ధతి, కాదనే హక్కు మీది. సరేనంటే పిల్లల్నీ కుక్కనూ కాసేపు ఇంట్లో ఉంచండి. జింకను ముందు మీరే చూస్తే దగ్గరికి పోకండి, అదిలించకండి, స్థానిక పోలీసులకు ఫోన్ చేయండి.