పిట్టల వెనక పడండి... రెజ్యూమేకీ పనికొస్తుంది!

క్యాంపస్ ప్లేస్‌మెంట్లు అయిపోయాయి, ఆఫర్ లెటర్ ఇంకా రాలేదు. లేదంటే ఏదో నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు. ఇలాంటి రోజుల్లో పొద్దున్నే ఆరింటికి మెలకువ వస్తే చేతికి తగిలేది ఫోనే కదా! ఆ ఫోన్ పట్టుకుని ఊరి చెరువు గట్టుకు వెళ్లమంటాను నేను. రెజ్యూమేలో ‘హాబీలు’ అన్నచోట పాటలు వినడం, పుస్తకాలు చదవడం అని అందరూ రాసేస్తారు. అది నిజమో కాదో ఎవరూ తేల్చలేరు. ‘ఏడాదిగా మా చెరువు పక్షులను తేదీలతో సహా నమోదు చేస్తున్నాను’ అని రాసి చూడండి, ఎదుటివాళ్లు తలెత్తుతారు. నా ఇంటర్వ్యూల్లో ఒకదాంట్లో సగం సమయం దీనిమీదే గడిచింది. డేటా ఎలా ఎక్కిస్తావ్, తప్పు గుర్తింపును ఎవరు పట్టుకుంటారు అని వరసపెట్టి అడిగారు.

మొదలుపెట్టడానికి కెమెరా అక్కర్లేదు. ఒక 8×42 బైనాక్యులర్, రెండు యాప్‌లు చాలు. కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ల ‘మెర్లిన్’ పక్షి కూత విని, ఫొటో చూసి పేరు సూచిస్తుంది. సూచన మాత్రమే సుమా, కళ్లతో చూసి ఖాయం చేసుకోవాలి. అదే సంస్థ 2002లో తెచ్చిన ‘ఈబర్డ్’లో ఏ పిట్ట, ఎన్ని, ఎక్కడ, ఎంతసేపు చూశారో ఎక్కించాలి. అరుదైనది రాస్తే స్థానిక వాలంటీర్లు ఆధారం అడుగుతారు. రెండూ ఉచితమే.

ఏ నెలలో మొదలెట్టాలి అంటే నవంబరు అంటాను. పట్టె తల బాతులు హిమాలయాలు దాటి మన జలాశయాలకు వచ్చే కాలం అది. పులికాట్‌లో రాజహంసలు, పక్కనే నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతులు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఎర్రకాళ్ల కొంగలు. వీటిని ‘సైబీరియా పక్షులు’ అని రాసేస్తుంటారు. కాదండీ! ఎర్రకాళ్ల కొంగ, గూడబాతు మన ఉపఖండంలోనే గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుతాయి. ఉత్తరాది చలికి పారిపోయి వచ్చే పక్షులు ఇక్కడ తిండి తిని పోతాయే తప్ప గూడు కట్టవు. చెట్టు మీద గూడు కనిపిస్తే అది అతిథి కాదు, మనూరిదే.

ఎండాకాలంలో కోయిల గొంతు, కంసాలి పిట్ట ‘టుక్ టుక్’ వినిపించని వీధి ఉండదు. చెరువులు కుంచించుకుపోయి ఉన్న కాస్త నీటి దగ్గరే పక్షులన్నీ చేరతాయి. ఎనిమిదిలోపు చూసేసి ఇంటికొచ్చేయడం మేలు.

నాకైతే వానాకాలమే ఇష్టం. కారణం గిజిగాడు. మగ పిట్ట తలమీద పసుపు రంగు తేలి, తాటాకు పీలికలు చీల్చుకొచ్చి, గూడు సగం అల్లి ఆపేస్తుంది. ఆడ పిట్ట వచ్చి లోపలికి దూరి చూస్తుంది. నచ్చితేనే మిగతా సగం, కిందికి వేలాడే గొట్టంతో సహా పూర్తవుతుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే ఉండిపోతుంది, పక్కన ఇంకోటి మొదలు. సాఫ్ట్‌వేర్‌లో మేం క్లయింటుకు డెమో చూపించి ఓకే చేయించుకునేది అచ్చం ఇలాగే.

ఫొటోల దగ్గరకొద్దాం. కొమ్మ మీద కూర్చున్న పిట్టకు షట్టర్ వేగం సెకనులో 500వ వంతు, ఎగిరేదానికి 2000వ వంతు దగ్గర పెట్టండి. ఫోకస్ కంటి మీదే. వంగి, వీలైతే నేలమీద పడుకుని పక్షి కంటి ఎత్తులో తీస్తే చవక కెమెరా ఫొటో కూడా నిలబడుతుంది. గూడు దగ్గరకు మాత్రం వెళ్లొద్దు. తల్లి బెదిరి లేచిపోతే గుడ్లు ఎండకో కాకికో బలి. రికార్డు చేసిన కూత వినిపించి పిట్టను రప్పించడమూ అంతే తప్పు. దసరాకు పాలపిట్టను పంజరంలో పెట్టి చూపించేవాళ్లకు డబ్బులిచ్చి ఫొటో తీయడం అన్నిటికంటే అన్యాయం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పట్టడమే నేరం.

మరి దీంతో బతకొచ్చా? ఫొటోలు అమ్మి బతకడం నా లెక్కలో చాలా కష్టం, ఆ ఆశతో లెన్సుకు అప్పు చేయకండి. గిరాకీ వేరేచోట ఉంది. గాలిమరలు, విద్యుత్ లైన్ల ప్రాజెక్టుల పర్యావరణ అధ్యయనాలకు ఫీల్డులో పక్షుల్ని గుర్తుపట్టి లెక్కించేవాళ్లు కావాలి. ఆ పని ఎక్కువగా కాంట్రాక్టు మీదే, స్థిరమైన ఉద్యోగం అనుకోవద్దు. 2023 నాటి ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదికలో 942 జాతుల స్థితిని అంచనా వేశారు. అందుకు వాడింది 30 వేల మందికి పైగా మామూలు జనం ఎక్కించిన జాబితాలు. ఈబర్డ్ డేటా అడిగితే ఉచితంగా ఇస్తారు. పైథాన్ వచ్చినవాళ్లకు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి ముడిసరుకు ఏముంది? కూతల్ని గుర్తించే ‘బర్డ్‌నెట్’ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది. ఇంకా లోతుగా వెళ్లాలంటే దెహ్రాదూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్‌లలో ఎమ్మెస్సీలున్నాయి. సీట్లు బాగా తక్కువ, అర్హతలు నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ జరుగుతుంది. మన దేశంలో దాంతోపాటే క్యాంపస్ బర్డ్ కౌంట్ కూడా. కనీసం పావుగంట చూసి జాబితా పంపితే చాలు. మీ కాలేజీ ఇప్పటిదాకా పాల్గొనకపోతే కోఆర్డినేటర్‌గా మీ పేరే ఇచ్చేయండి.