తిరుగు ప్రయాణంలో అర్థం: 'యాక్సియమ్ వర్జ్' వీడియో గేమ్‌లో స్థలం, దోషం, కర్తృత్వం

వ్యాససంగ్రహం:

అన్వేషణ ప్రధానమైన వీడియో గేమ్‌లలో ఆడేవారు ఒకసారి చూసిన చోటికే పలుమార్లు తిరిగి వస్తారు. వచ్చిన ప్రతిసారీ ఆ చోటు మరొక అర్థాన్నిస్తుంది. 2015లో విడుదలైన 'యాక్సియమ్ వర్జ్' అనే వైజ్ఞానిక కల్పనా గేమ్ ఆధారంగా, ఈ తిరుగు ప్రయాణం ఆట నియమం మాత్రమే కాదని, ఆ రచనకు అదే కథనసూత్రమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. స్థలనిర్మాణం, గ్లిచ్ అనే సాంకేతిక దోషాన్ని వినియోగించిన తీరు, కథానాయకుని కర్తృత్వం అనే అంశాలను ఇందులో పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: వీడియో గేమ్, వైజ్ఞానిక కల్పన, మెట్రాయిడ్‌వేనియా, స్థలం, గ్లిచ్, యమకం, కర్తృత్వం.

1. ఉపోద్ఘాతం:

నాటకాన్ని, చలనచిత్రాన్ని సాహిత్య విమర్శ పరిధిలోకి తెచ్చుకున్న మనం వీడియో గేమ్ విషయంలో ఇంకా సందేహిస్తూనే ఉన్నాం. సందేహానికి కారణం లేకపోలేదు. పద్యాన్ని చదువుతాం, నాటకాన్ని చూస్తాం. గేమ్‌ను మాత్రం ఆడాలి. ఆడనివారికి అది అసలు పూర్తిగా ఎదురుపడదు. అందువల్ల గేమ్‌ల గురించి రాసేటప్పుడు సులభమైన మార్గమొకటి కనిపిస్తుంది. కథాసారాన్ని సంగ్రహించి, దాన్ని నవల ఇతివృత్తంలాగా విశ్లేషించడం ఆ మార్గం. ఇలా చేస్తే పరిశోధకుని చేతికి కథ దక్కుతుంది కానీ రచన జారిపోతుంది. ఆడేవారు ఎక్కడ ఆగారు, ఎందుకు వెనుదిరిగారు, దేన్ని చూసి దారి గుర్తుపట్టారు అన్నవి కథాసారంలో ఉండవు. అన్వేషణ గేమ్‌లలో అర్థం ఏర్పడేది మాత్రం సరిగ్గా ఆ చోట్లలోనే. ఈ విషయాన్ని ఒక్క గేమ్‌ను దగ్గరగా పరిశీలించి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. కథ ముగింపును చర్చించక తప్పదు కాబట్టి అందులోని రహస్యాలు ఇక్కడ బయటపడతాయని పాఠకులు గమనించగలరు.

2. ప్రక్రియా పరిచయం:

తెరమీద పాత్ర పరుగెడుతూ, ఎత్తుపల్లాలు దూకుతూ, మెట్ల వంటి వేదికలను ఎక్కుతూ సాగే ఆటను ప్లాట్‌ఫార్మర్ అంటారు. తొలితరం ప్లాట్‌ఫార్మర్లలో చాలా వాటిలో ప్రయాణం ఒకే దిశలో సాగేది. ఒక ఘట్టం ముగిస్తే మరొకటి తెరుచుకునేది; గడిచిన ఘట్టంతో పని ఉండేది కాదు. 1986లో జపాన్‌లో నింటెండో సంస్థ విడుదల చేసిన 'మెట్రాయిడ్' ఈ అలవాటును మార్చింది. అందులో ఆట మొదలైన చోటునుండి కుడివైపు వెళితే కొంతదూరంలోనే దారి మూసుకుపోతుంది. ఆ దారిని దాటించే మొదటి శక్తి ఎడమవైపు ఉంటుంది. వెనక్కి వెళ్లడం కూడా ముందుకు సాగడమేనని ఆ ఆట తొలి నిమిషాల్లోనే నేర్పుతుంది. 1997లో వచ్చిన 'కాసిల్వేనియా: సింఫనీ ఆఫ్ ది నైట్' ఇదే పద్ధతిని విస్తరించింది. ఈ రెండు పేర్ల కలయికతోనే 'మెట్రాయిడ్‌వేనియా' అన్న ప్రక్రియానామం ఏర్పడింది.

పెద్ద సంస్థల పెట్టుబడితో నిమిత్తం లేకుండా ఒకరో కొందరో కలిసి తయారుచేసే గేమ్‌లను ఇండీ గేమ్‌లు, అంటే స్వతంత్ర గేమ్‌లు అంటున్నాం. జపాన్‌కు చెందిన దైసుకె అమయ సుమారు ఐదేళ్లు ఒంటరిగా శ్రమించి 2004లో ఉచితంగా విడుదల చేసిన 'కేవ్ స్టోరీ' ఈ మార్గంలో ముఖ్యమైనది. అమెరికాకు చెందిన థామస్ హాప్ 'యాక్సియమ్ వర్జ్'ను ఇదే విధంగా రూపొందించారు. 2010లో మొదలుపెట్టి, ప్రోగ్రామింగ్, చిత్రాలు, సంగీతం, కథ అన్నింటినీ తానే సమకూర్చుకున్నారు. 2015 మార్చిలో ప్లేస్టేషన్ 4 కన్సోల్‌పై, మే నెలలో కంప్యూటర్‌పై ఈ గేమ్ వెలువడింది. గేమ్‌లు సాధారణంగా బృందాల చేతిలో తయారవుతాయి కాబట్టి వాటికి కర్త ఎవరన్నది చిక్కు ప్రశ్న. ఇక్కడ ఆ చిక్కు లేదు. ఒకే వ్యక్తి దృష్టి రూపంలోనూ వస్తువులోనూ కనిపించే రచనగా దీన్ని పరిశీలించే వీలుంది.

3. స్థలం - పునరుక్తి:

న్యూమెక్సికోలోని ఒక ప్రయోగశాలలో పేలుడు జరుగుతుంది. ట్రేస్ అనే శాస్త్రవేత్త స్పృహ కోల్పోయి, సుద్రా అనే అపరిచిత లోకంలో కళ్లు తెరుస్తాడు. ఆడేవారికీ అతనికీ తెలిసింది సమానం, అంటే ఏమీ తెలియదు. నడిచిన మేరకు తెరమూలన పటం గడులు గడులుగా గీసుకుంటూ పోతుంది.

ఈ లోకంలో తలుపుల వంటి అడ్డంకులు అడుగడుగునా ఉంటాయి. వాటికి తాళంచెవులు పాత్ర సంపాదించే శక్తులే. రాతిదిమ్మెలను తొలిచే లేజర్ పనిముట్టు ఒకటి. ఇరుకు సొరంగాల్లోకి పంపగలిగే చిన్న డ్రోన్ మరొకటి. సన్నని గోడలలోంచి ఆవలికి దాటించే ప్రయోగశాల కోటు ఇంకొకటి. ఆ కోటు దొరికిన క్షణంలో పటం మీద ఒక్క గీత కూడా మారదు. అయినా పటమంతా మారిపోతుంది. అంతవరకు గోడ అనుకున్నది ఇప్పుడు దారి. గంట క్రితం నిరుపయోగమనుకుని వదిలిన గది ఇప్పుడు గుర్తుకు వస్తుంది. ఆడేవారి జ్ఞాపకమే ఇక్కడ అన్వేషణ సాధనం.

ఈ అనుభవాన్ని వివరించడానికి మన అలంకారశాస్త్ర పరిభాష ఉపకరిస్తుంది. అదే మాటను అదే అర్థంలో మళ్లీ చెబితే పునరుక్తి దోషం. అదే అక్షరసమూహం వేరే అర్థంతో ఆవృత్తమైతే యమకం. వినేవారి చెవికి రెండూ ఒకేలా తాకుతాయి. తేడా అర్థంలోనే ఉంది. అన్వేషణ గేమ్‌లో తిరిగి రావడం కూడా ఈ రెండింటిలో ఏదో ఒకటి అవుతుంది. దారి తెలియక అవే గదులు చుట్టబెడుతున్నంతసేపు అది పునరుక్తి, విసుగు. కొత్త శక్తితో వచ్చి అదే గదిని కొత్తగా చదివినప్పుడు అది యమకం, ఆనందం. ఈ ప్రక్రియలో రచయిత నైపుణ్యం ఎన్ని గదులు నిర్మించాడన్న దానిలో లేదు. ఒక్కో గది ఎన్ని అర్థాలను మోయగలదన్న దానిలో ఉంది. 'యాక్సియమ్ వర్జ్' అన్నిచోట్లా ఇందులో సఫలమైందని చెప్పలేం. సూచన తక్కువై పునరుక్తి దగ్గరే ఆడేవారు చిక్కుకునే సందర్భాలు ఇందులోనూ ఉన్నాయి.

4. గ్లిచ్ - దోషానుకరణ:

ఈ గేమ్ ప్రత్యేకత గ్లిచ్‌ను ఉపయోగించుకున్న తీరులో ఉంది. గ్లిచ్ అంటే ప్రోగ్రామ్ తాను ఉద్దేశించని విధంగా ప్రవర్తించడం. కంప్యూటర్ జ్ఞాపకశక్తిలో ప్రతి గడికీ ఒక చిరునామా సంఖ్య ఉంటుంది. ప్రోగ్రామ్ తప్పు చిరునామాకు వెళితే అక్కడ మరొక పనికోసం దాచిన అంకెలను చదువుతుంది. వాటినే చిత్రంగానో పటంగానో భావించి తెరమీద చూపుతుంది. పాత 'మెట్రాయిడ్'లో ఒక కిటుకుతో తలుపు దగ్గర గోడలోకి ఎక్కిన ఆటగాళ్లు, ఎవరూ నిర్మించని గదుల్లోకి ప్రవేశించింది ఇలాగే. యంత్రం చేసిన తప్పు వారికి రహస్యలోకంగా కనిపించింది.

థామస్ హాప్ ఈ తప్పును ఆటలో ఒక పరికరంగా మార్చారు. దాని పేరు 'అడ్రస్ డిస్రప్టర్', అంటే చిరునామాలను తారుమారు చేసేది. దాన్ని శత్రుజీవి మీద ప్రయోగిస్తే ఆ బొమ్మ చెదిరి, రంగులు అతుకులబొంతగా మారి, జీవి ప్రవర్తనే వేరవుతుంది. ఒక్కో జాతి ఒక్కో విధంగా మారుతుంది. చెదిరిన పిక్సెళ్లతో అడ్డుగా నిలిచిన భాగాల మీద ప్రయోగిస్తే అవి దారి ఇస్తాయి. ఇవి కాక, దాగి ఉన్న రహస్యలోకాలు కొన్ని ఉన్నాయి. ప్రతి కొత్త ఆటలోనూ అవి అదే చోట కనిపించవు. పాత ఆటగాళ్లు యాదృచ్ఛికంగా పొందిన ఆశ్చర్యాన్ని రచయిత ఉద్దేశపూర్వకంగా పునఃసృష్టించారు.

ఇక్కడ ఒక విషయాన్ని స్పష్టంగా గుర్తించాలి. ఈ గ్లిచ్ నిజమైన దోషం కాదు. జాగ్రత్తగా రాసిన ప్రోగ్రామ్ దోషాన్ని అభినయిస్తోంది. అనుకరణలో ఏ దోషమూ దోషంగా పరిగణన పొందదని మమ్మటుడు కావ్యప్రకాశంలో చెప్పాడు. తడబడే పాత్ర మాటలను ఉన్నదున్నట్లు చూపితే తడబాటు కవిది కాదు. అలాగే ఈ గేమ్‌లో చెదిరిన తెర ప్రోగ్రామర్ లోపం కాదు, సుద్రా లోక స్వభావ చిత్రణ. వాస్తవమనుకున్నది కూడా మార్చడానికి వీలైన సంకేతాల కూర్పేనేమో అన్న కథలోని తాత్విక అనుమానాన్ని ఇది కంటికి చూపుతుంది. అయితే మమ్మటుని సూత్రం ఇక్కడ కొంతవరకే సరిపోతుంది. కావ్యంలో అనుకరించిన దోషాన్ని సహృదయుడు గుర్తించి ఆస్వాదిస్తాడు. ఇక్కడ ఆడేవారు ఆ దోషాన్ని తమ చేతులతో ప్రయోగించి దారి చేసుకుంటారు.

5. పేర్లు - భాష:

సుద్రాలోని ప్రాంతాల పేర్లలో అబ్సు, కుర్, ఎడిన్ వంటివి ప్రాచీన మెసపొటేమియా భాషలను తలపిస్తాయి. సుమేరియన్‌లో కుర్ అంటే కొండ, పాతాళం కూడా. ఎడిన్ అంటే మైదానం. ట్రేస్‌కు దారిచూపే మహాయంత్ర స్త్రీమూర్తులు రుసాల్కీలు. స్లావిక్ జానపద విశ్వాసంలో రుసాల్కీలు మనుషులను ఆకర్షించి ముంచే జలకన్యలు. ప్రతినాయకుని పేరు అథెటోస్. ఈ గ్రీకు పదానికి చోటులేనిది, పక్కన పెట్టబడినది అని అర్థం. పేర్ల వ్యుత్పత్తి తెలిసినవారికి, సహాయకులను నమ్మవచ్చా అన్న శంక మొదటినుండే మొలకెత్తుతుంది.

దారిలో దొరికే రాతప్రతులలో కొన్ని తెలియని భాషలో ఉంటాయి. తగిన సంకేతపదాన్ని కనుగొని ప్రవేశపెడితే గానీ అవి చదవగలిగే భాషలోకి మారవు. ముందే చేతిలో ఉన్న ప్రతి తరువాత అర్థం కావడం అన్నది, ముందే చూసిన గది తరువాత తెరుచుకోవడం వంటిదే. స్థలానికి వర్తించిన సూత్రమే పాఠానికీ వర్తించింది.

6. కర్తృత్వం:

సుద్రా ప్రజలను అథెటోస్ వ్యాధికారకంతో నాశనం చేశాడని, అతన్ని ఎదుర్కోవాలని ఎల్సెనోవా అనే రుసాల్కీ ట్రేస్‌ను కోరుతుంది. ట్రేస్ చనిపోతే ఒక అండాకార యంత్రం అతన్ని తిరిగి సృష్టిస్తుంది. పోగొట్టుకున్నదంటూ పెద్దగా ఉండదు. సంపాదించిన శక్తులు మిగిలే ఉంటాయి. గేమ్‌లకు అలవాటైనవారు దీన్ని సౌకర్యంగా మాత్రమే స్వీకరిస్తారు. ఏ ఆటలోనైనా చనిపోయి మళ్లీ మొదలుపెట్టడం మామూలే కదా.

కథ సగం దాటాక ఆ సౌకర్యమే సాక్ష్యమవుతుంది. అథెటోస్ మరెవరో కాదు, వయసు మీరిన ట్రేస్. మనం నడిపిస్తున్న ట్రేస్ అతని పూర్వరూపానికి తయారుచేసిన నకలు. దారిలో మనం చంపిన భారీ శత్రువుల్లో కొందరు కూడా అదే వ్యక్తి నకళ్లే. నిజం తెలిసిన ట్రేస్ ముందుకు సాగడానికి నిరాకరిస్తాడు. తన ప్రాణం రుసాల్కీల చేతిలో ఉందన్న సంగతి అతనికి అప్పుడు తేటతెల్లమవుతుంది.

ఇక్కడ వెనక్కి తిరిగి చదవవలసింది గదిని కాదు, మన చర్యలను. తుపాకీ తీసుకోమంటే తీసుకున్నాం, చంపమంటే చంపాం, ఎక్కడా కారణం అడగలేదు. తెలుగు పాఠకులకు పింగళి సూరన కళాపూర్ణోదయంలో ఇటువంటి పునఃపఠనం పరిచితమే. నలకూబరుని రూపంలో ఉన్నది మణికంధరుడని, రంభ రూపంలో ఉన్నది కలభాషిణి అని తెలిశాక ఆ సమాగమ ఘట్టం మొత్తం వేరుగా అర్థమవుతుంది. కానీ అక్కడ పొరబడింది పాత్రలు. పాఠకుడు వాటికి సాక్షి. ఇక్కడ ఆయుధం ఎక్కుపెట్టింది ఆడేవారి వేళ్లే. ట్రేస్ నిరాకరించినా ఆట ముగియదు. ఆడేవారికి మిగిలిన ఎంపికలు రెండే: కొనసాగించడం, లేదా యంత్రాన్ని ఆపివేయడం. అన్ని దిశలకూ తెరుచుకున్నట్లు కనిపించిన ఆ లోకంలో స్వేచ్ఛ దారులు వెతకడానికే పరిమితమని, గమ్యం ముందే నిర్ణయమైందని అప్పుడు తెలుస్తుంది.

7. ముగింపు:

పై పరిశీలనవల్ల ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

• 'యాక్సియమ్ వర్జ్'లో గది, రాతప్రతి, కథానాయకుడు అనే మూడూ ఒకే సూత్రంతో పనిచేస్తాయి. ముందు చూసినదాన్ని తరువాత మరో అర్థంలో గుర్తించడమే ఆ సూత్రం.

• గ్లిచ్ ఇందులో దోషం కాదు, దోషానుకరణ. పాత యంత్రాల తప్పిదాల స్మృతిని ఈ రచన కళాసామగ్రిగా మలచుకుంది.

• యమకం, పునరుక్తి, అనుకరణ వంటి భావనలు ఈ కొత్త మాధ్యమాన్ని వివరించగలవు. ఆడేవారు స్వయంగా కర్తలయ్యే చోట మాత్రం వాటికి పరిమితి ఏర్పడుతుంది. కొత్త పరిభాషను మనం నిర్మించుకోవలసింది ఆ చోటినుండే.

కథాసారం మాత్రమే చదివినవారికి, అథెటోస్ ట్రేస్ ఒక్కరే అన్నది ఒక మలుపుగా తోస్తుంది. వెనుదిరిగిన ప్రతి దారినీ నడిచి వచ్చినవారికి అది తమమీద మోపిన ప్రశ్న. ఆ తేడాను నమోదు చేయగలిగినప్పుడే వీడియో గేమ్ మీద చేసే పరిశోధన ఆ రచన మీద చేసిన పరిశోధన అనిపించుకుంటుంది.